రెండొందల ప్లేట్లు

ఆ సోమవారానికి గురునాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మద్దిలపాలెంలో బస్సెక్కాలి. పదకొండింటికి యార్డులో మీటింగు జరిపించాలి. రెండింటికి పెరుగన్నం తిని, కుర్చీలో కాసేపు వెనక్కి వాలాలి.

ఇరవై ఏళ్లుగా అతను హార్బరు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు యార్డుకి మేనేజరు. ఓడల్లోంచి దిగిన బొగ్గును అక్కడ కొండలా పోసి, తర్వాత వ్యాగన్లకెత్తేవారు. రెండువేల ఎనిమిదిలో ఆ వ్యాపారం వేరే చోటికి తరలిపోయింది. మరుసటి ఏడాది, మిగిలిన పదెకరాల నల్లనేలను చదును చేసి, ఎండతో కరెంటు తీసే ప్లాంటు పెట్టాలని కంపెనీ నిర్ణయించింది. అయితే ఒక షరతు ఉంది. గోడ అవతలి జాలరిపేట నుంచి కనీసం వందమంది మీటింగుకు వచ్చి, సరేనని సంతకాలు పెట్టాలి. మొదటి మీటింగుకు ఏడుగురు వచ్చారు. రెండోదానికి నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు నీడ కోసం. మూడోదీ అలాగే అయితే ప్లాంటును వేరే ఊరికి పంపి, యార్డుకు తాళం వేస్తామని డైరెక్టరు శ్రీరామ్మూర్తి గారు ఖచ్చితంగా చెప్పేశారు. యార్డును నమ్ముకుని ఇంకా ముప్ఫై కుటుంబాలున్నాయి.

బస్సు కదలగానే గురునాథరావు ఫోను మోగింది. సాయిదుర్గ ట్రాన్స్‌పోర్టు వాళ్లు. మొదటి విడత సోలార్ ప్లేట్లు తెస్తున్న లారీ ఒకరోజు ముందే తుని దాటిందట. అతనికి ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరు గారి ఎదుటే సరుకు దిగితే మీటింగుకు ఒక నిండుదనం వస్తుంది. వెంటనే స్టోర్‌కీపరు నాగబాబుకు ఫోన్ చేశాడు.

"నాగబాబూ, సాయిదుర్గకి ఫోన్ చేసి గట్టిగా చెప్పు. రెండొందల ప్లేట్లు పదకొండులోగా మన యార్డులో ఉండాలి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాగబాబు ఆ సోలార్ సరుకును ఎప్పుడూ 'అద్దాలు' అనేవాడు. అవి మంగళవారం వస్తాయనే అతనికి తెలుసు. పైగా అతనికి తెలిసిన సాయిదుర్గ ఒక్కతే. లారీ స్టాండు పక్కన మెస్సు నడుపుకునే ఆవిడ.

"ఇయాలేనా, సార్?"

"ఇవాళే. డైరెక్టరు గారు చూడాలి."

"ఫుల్లా, హాఫా?"

"ఫుల్ సైజేనయ్యా. హాఫ్ ఎవడికి కావాలి?"

స్టోర్‌కీపరుకు సరుకు మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు కలిగిందా అని గురునాథరావు సంతోషించాడు కూడా. ఈలోగా బస్సు గేరు మార్చింది, కండక్టరు ఎవరినో గట్టిగా పిలిచాడు. నాగబాబు "సేపలైతే సాలా, సార్?" అని అడిగితే ఇతనికి "సేరితే సాలా, సార్?" అని వినపడింది.

"ఆ, అదే చాలు" అన్నాడు గురునాథరావు.

మామూలు రోజుల్లో సాయిదుర్గ మెస్సులో నలభైమంది తింటే గొప్ప. నాగబాబు చెప్పింది విని ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"రెండొందల ఫుల్ మీల్సు, పదకొండుకా? నీకు మతి గానీ పోనాదేటి, తమ్ముడూ?"

"నానేటి సేత్తానక్కా. సార్ మాట. డైరెక్టరు గోరు దగ్గరుండి సూత్తారంట."

డైరెక్టరు తన వంట చూడడానికి వస్తున్నాడన్న మాట సాయిదుర్గ మీద బాగా పనిచేసింది. ఎసరు పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆటో ఎక్కి జాలరిపేటకు వెళ్లింది. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. వేటలో పడిన కానాగంత చేపలన్నీ బేరం లేకుండా కొనేసింది. దాంతో గంపలు నెత్తినెత్తుకుని బజారుకు బయల్దేరాల్సిన ఆడవాళ్లందరికీ ఆ పూటకు పని లేకుండా పోయింది.

వాళ్లకు పెద్ద గంగాలమ్మ. అరవై ఏళ్ల మనిషి, ఆవిడ మాట పేటలో చెల్లుతుంది. ఇరవై ఏళ్లుగా ఆవిడ ఇసుకలో ఆరబెట్టిన చేపల మీద యార్డు మసి పడుతూనే ఉండేది. నల్లబడిన ఎండుచేపలను చూసి బేరగాళ్లు మొహం తిప్పుకునేవారు. అందుకే కంపెనీ మీటింగన్నా, కంపెనీ కాగితమన్నా ఆవిడకు గిట్టదు.

"ఇన్ని సేపలు ఎవులికే?" అని అడిగింది గంగాలమ్మ.

"బొగ్గు యార్డోళ్లకి, పిన్నీ. రెండొందల మందికి బోయినాలంట."

ఆటో వెళ్లిపోయాక గంగాలమ్మ అక్కడే కూర్చుని ఆలోచించింది. "ఇరవయ్యేళ్లలో మనకి గ్లాసుడు మజ్జిగ పొయ్యనోళ్లు. ఇయాల రెండొందల మందిని మేపతన్నారంటే ఆళ్లు సుట్టాలు కారు. పోలీసోళ్లు. మన పేట తీయించడానికే వత్తన్నారు."

కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఆ అనుమానం ఖాయమైన వార్త అయింది. పడవల దగ్గర దానికి రెండు బుల్డోజర్లు చేరాయి. చివరి వీధికి వెళ్లేసరికి ఆ బుల్డోజర్లను కళ్లారా చూసినవాడు కూడా దొరికాడు. మగవాళ్లు అల్లుతున్న వలలు వదిలి లేచారు. ఆడవాళ్లు ఖాళీ గంపలతోనే బయల్దేరారు.

దారిలో దిగి సంతకాల కాగితాలు టైపు చేయించుకుని, గురునాథరావు పదకొండుకు కాస్త ముందు యార్డుకు వచ్చేసరికి గేటు ముందు మూడొందల మంది ఉన్నారు. అతనికి కళ్లు చెమర్చాయి. మూడోసారికైనా పేట కదిలింది. నాగబాబు పరుగున వచ్చి చెవిలో ఏదో చెప్పబోతే, తర్వాత అని ఆపి, గేటు పక్కనున్న దిమ్మ ఎక్కాడు.

"మీరంతా రావడం నాకు చాలా సంతోషంగా ఉంది" అని మొదలుపెట్టాడు.

ఎవరూ సంతోషంగా కనిపించలేదు. గంగాలమ్మ ముందుకొచ్చింది. "ముందు ఒక సంగతి సెప్పు, బాబూ. ఆ రెండొందల ప్లేట్లు ఎవులికి?"

ప్లేట్ల సంగతి కూడా తెలుసుకుని వచ్చారే అని అతనికి ముచ్చటేసింది. "ఎవరికో కాదమ్మా, ఇక్కడికే. ఈ నేలంతా వరసగా పరుస్తాం. పాతికేళ్లు కదలవు."

"పాతికేళ్లు రోజూ మేపుతారా?"

"మేపడమేమిటి? అవి ఎండ తిని బతుకుతాయి."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, పోలీసోళ్లని అంత ఎండలో పెడతారా అని జాలిగా అడిగారు. "పోలీసులెవరు?" అన్నాడు గురునాథరావు. సరిగ్గా అప్పుడే శ్రీరామ్మూర్తి గారి కారు వచ్చి ఆగింది. దాని వెనకే సాయిదుర్గ ఎక్కిన ట్రాలీ ఆటో వచ్చింది. అందులో అన్నం గుండిగలు, విస్తళ్ల కట్టలు, మూత సందుల్లోంచి ఆవిరి వదులుతున్న చేపల పులుసు.

సాయిదుర్గ దిగి, చెంగుతో మొహం తుడుచుకుంది. "రెండొందల ఫుల్ ప్లేట్లు, సార్. మీరు సెప్పినట్టే పదకొండుకి."

గురునాథరావు గుండిగల వైపు చూశాడు, నాగబాబు వైపు చూశాడు. నాగబాబు నేల వైపు చూశాడు. పొద్దున బస్సులో మాట్లాడిన మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి వాటి అసలు అర్థాల్లో కూర్చున్నాయి. అతను దిమ్మ దిగి, గంగాలమ్మ దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పోలీసులు లేరు, బుల్డోజర్లు లేవు. నేను ఒకటి చెబితే వాడు ఇంకోటి విన్నాడు. నేను తెప్పించింది ఎండతో కరెంటు తీసే అద్దాలమ్మా.

గంగాలమ్మ నవ్వలేదు. "అయితే ఇక్కడ మళ్లీ బొగ్గు పొయ్యరా?"

"పొయ్యం."

"మా సేపల మీద మసి పడదా?"

ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న ఆవిడ అతన్ని అడగడం ఎన్నోసారో. ప్రతిసారీ అతను, నీళ్లు చల్లిస్తున్నాం అనే జవాబే చెప్పేవాడు. ఆ నీళ్లు చాలవని ఇద్దరికీ తెలుసు. మొదటిసారి ఆవిడ కళ్లలోకి చూసి చెప్పగలిగాడు. "పడదమ్మా."

"నోటి మాట కాదు. రాసియ్యి."

శ్రీరామ్మూర్తి గారి కారు బానెట్ మీదే కాగితం పెట్టి గురునాథరావు రాశాడు: ఈ స్థలంలో ఇకమీదట బొగ్గు దించబోము, నిలవ చేయబోము. మూడొందల మంది చూస్తుంటే డైరెక్టరు గారికి సంతకం పెట్టక తప్పలేదు. గంగాలమ్మ ఆ కాగితాన్ని చదువు వచ్చినవాళ్లతో రెండుసార్లు చదివించుకుని, మడిచి రొంట్లో దోపుకుంది. ఆ తర్వాత కంపెనీ కాగితం మీద మొదటి వేలిముద్ర ఆవిడే వేసింది. మొత్తం నూటతొంభై రెండు పడ్డాయి.

చదును చేసిన నల్లనేల మీద భోజనాల బంతులు సాగాయి. రెండొందల భోజనాలను మూడొందల మంది సర్దుకుని తిన్నారు. తాము పొద్దున అమ్మిన చేపలే పులుసులో తేలుతుంటే ఆడవాళ్లు పేరుపేరునా గుర్తుపట్టారు. డైరెక్టరు గారు కూడా చొక్కా చేతులు మడుచుకుని కింద కూర్చున్నారు.

మూడో బంతి లేచేసరికి అసలు లారీ వచ్చింది. గేటు దగ్గర జనాన్ని చూసి సమ్మె అనుకున్న డ్రైవరు, గంటసేపు రోడ్డు చివరే ఆగిపోయాడట. తిని కడుక్కున్న చేతులతోనే పేట మగవాళ్లు లారీ చుట్టూ చేరారు. సముద్రంలోంచి పడవలు లాగే చేతులవి. రెండొందల ప్లేట్లనూ ఒక్కటి పగలకుండా దింపి, షెడ్డులో వరసగా ఆనించారు.

వెళ్లేముందు శ్రీరామ్మూర్తి గారు గురునాథరావు భుజం మీద చెయ్యి వేశారు. "మాటల్తో రానివాళ్లని అన్నంతో రప్పించారు. ఈ ఆలోచన మా ఎవరికీ తట్టలేదండి."

"నా ఆలోచన కాదు సార్. ఫోన్‌లో పొరపాటు జరిగింది. నేను చెప్పింది లారీ సంగతి, వాడు విన్నది భోజనాల సంగతి."

"తమ గొప్ప తాము చెప్పుకోలేరు, పాపం" అన్నారు డైరెక్టరు గారు, కారెక్కుతూ.

గురునాథరావు ఊరుకోలేదు. అదే నిజాన్ని హెడ్డాఫీసుకు ఉత్తరంలో రాశాడు, తనకు చేసిన సన్మానసభలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు. ఏడాది చివర కంపెనీ పత్రికలో అతని ఫొటో వేసి, కింద 'నిగర్వి' అని రాశారు.