మగ్గం గుంతలో గోల్ఫు బంతి

ఆదోనిలో ఒకప్పుడు గోల్ఫు ఆడారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి. డెబ్బై ఎనిమిదిలో, పత్తి సీజన్ వస్తే ఊరంతా దూది ఎగిరే రోజుల్లో, టీ గ్లాసులో పడ్డ దూది తీసేసి టీ తాగే రోజుల్లో, ఒక జిన్నింగు మిల్లు వెనక నల్లరేగడి చేలో గోల్ఫు ఆడారు. ఆడినవాళ్లలో మన వీరేశం కూడా ఉన్నాడు. ఉన్నాడు అనడం కన్నా ఉండబోయాడు అనడం న్యాయం.

వీరేశం ఆ మిల్లులో గుమాస్తా. ఊళ్లో ఇంకో నలుగురు వీరేశాలు ఉండడం వల్ల ఇతన్ని పుస్తకాల వీరేశం అనేవారు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు పుస్తకం కొనాలి. ఈత పుస్తకం చదివి, ఒళ్లు తడవకుండానే ఈత వచ్చిందని చెప్పుకున్నాడు. పశువైద్యం పుస్తకం చదివి పక్కింటి మేకకు మందు వేశాడు. మేక బతికింది, బతికి ఆ పుస్తకాన్నే నమిలేసింది.

ఆయన భార్య పద్మమ్మది ఎమ్మిగనూరు, నేత ఇంటి పిల్ల. పెళ్లికి పుట్టింటివాళ్లు వాళ్లమ్మ మగ్గం ఇచ్చి పంపారు. వీరేశం నాన్న కూడా నేతగాడే. ముందుగదిలో ఆయన కాళ్లు దించి కూర్చుని నేసిన గుంత అట్లాగే ఉంది. ఆయన పోయాక ఆయన మగ్గం కొయ్యలు పొయ్యిలోకి పోయాయి. పద్మమ్మ తెచ్చిన మగ్గం మాత్రం అటక మీద ఉంది. అటక మీంచి గుంతలోకి దిగడానికి దానికి పదకొండేళ్లుగా ముహూర్తం కుదరలేదు.

"గుమాస్తా ఇంట్లో మగ్గమేందే? మిల్లోళ్లు సూస్తే నగుతారు," అనేవాడు వీరేశం.

"నగితే నగనీ. నా సేతులు ఊరికే ఉండలేకున్నాయి."

"హెడ్డు గుమాస్తా కానీయే. అప్పుడు ఆలోసిస్తాం."

పద్మమ్మ అటక వైపు ఒకసారి చూసి, ఊరికే ఉండలేని ఆ చేతులతో గిన్నెలు ఇంకొంచెం గట్టిగా తోమేది.

ఆ ఏడు నిజంగానే హెడ్డు గుమాస్తా రిటైరయ్యాడు. అదే నెలలో బొంబాయి నుంచి దస్తూర్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకు గోల్ఫు పిచ్చి. చేలో పత్తి కట్టె పీకించి, మూడు గుంతలు తవ్వించి, మూడు జెండాలు పాతించాడు. ఒకరోజు గుమాస్తాలందరినీ పిలిచి, "ఉగాది తర్వాత ఆదివారం నాతో ఎవరు ఆడతారు? ఈ ఆటలో మనిషి మొత్తం బయటపడతాడు," అన్నాడు.

దొర మనిషిని చూసేది హెడ్డు గుమాస్తా పనికేనని వీరేశానికి ఇట్టే తెలిసిపోయింది. ఆలోచన కన్నా ముందు చెయ్యి లేచింది. దొర మెచ్చుకుని ఒక పాత కర్ర, రెండు బంతులు ఇచ్చి సాధన చేసుకోమన్నాడు.

సాధన ఇంట్లోనే. గుంత యాడుంది? ముందుగదిలో ఉంది. పద్మమ్మ చూస్తుండగానే మామగారి మగ్గం గుంతకు గురి పెట్టి కొట్టాడు. మొదటి బంతి ఊరగాయ జాడీ మూత పగలగొట్టింది. రెండోది గోడకు తగిలి తిరిగొచ్చి ఆయన మోకాలికే తగిలింది. మనిషి కాళ్లు రెండూ పట్టే గుంత అది. వారం రోజులు కొట్టినా బంతి అందులో పడలేదు.

అప్పుడు వీరేశం బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండికి పోయాడు. బి.ఎడ్. చదివే అయ్యోర్ల పుస్తకం ఒకటి దొరికింది. మనిషి పుట్టిన నాటి నుంచి ముసలితనం దాకా మెట్టు మెట్టుగా ఎట్లా ఎదుగుతాడో అందులో రాసి ఉంది. ముప్పై పుటలు చదివేసరికి ఆయన కళ్లు మెరిశాయి.

"ఏంమే, నాకు ఆట ఎందుకు రాలేదో తెలిసిపోయింది."

"సేతగాక."

"కాదే. ఎదుగుదలలో ఒక మెట్టు ఎగరగొడితే ఆ లోటు బతుకంతా ఉంటాదంట. నేను సిన్నప్పుడు పాకలేదు. కూసున్నోణ్ణి కూసున్నట్లే లేసి నిలబడినానని మా యమ్మ సెప్పేది."

"అయితే?"

"మల్లా మొదట్నుంచి ఎదగాల. పాకల్ల, నిలబడల్ల, నడవల్ల. కర్ర పట్టేది సేతులు కాదే, మనిషి మొత్తం!"

పద్మమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపి మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

వీరేశం ఎర్ర పెన్సిలుతో గీతలు గీసిన చోట్లు చదివి వినిపించాడు. ఎదిగే బిడ్డను కసరకూడదు. చిన్న పని చేసినా మెచ్చుకోవాలి. మనసు నెమ్మదిగా ఉంచాలి. "కాబట్టి ఉగాది దాకా నీళ్లు మొయ్యమని, కిరసనాయిలు లైన్లో నిలబడమని నాకు సెప్పగూడదు. పుస్తకంలో ఉంది."

"సరే," అంది పద్మమ్మ.

పదకొండేళ్ల కాపురంలో ఆమె అంత తొందరగా సరే అన్నది అదే మొదటిసారి. భయపడవలసిన చోట వీరేశం సంతోషపడ్డాడు.

పద్మమ్మ ఎనిమిదో తరగతి పాసు. ఆయన మిల్లుకు పోయాక మధ్యాహ్నాలు కూర్చుని పుస్తకం మొత్తం చదివేసింది. ఆయన గీత గీయని పుటలు ఇంకా శ్రద్ధగా చదివింది.

ఆదివారం పొద్దున పక్కవీధి హోటల్ నుంచి ఉగ్గాని వాసన వస్తోంది. ఆదోనిలో ఆదివారమంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. వీరేశం పీట వేసుకుని కూర్చున్నాడు. ముందుకు వచ్చింది మాత్రం గిన్నెడు రాగిగంజి, ఉప్పు కూడా లేకుండా.

"ఇదేందే? బజ్జీలు యాడ?"

"పండ్లు రాని బిడ్డకు మిరపకాయ బజ్జీనా? నువ్వింకా పాకే మెట్టులో ఉండావు. పుస్తకంలో ఉంది."

గంజి తాగాడు. పుస్తకం తనదే, ఏమంటాడు? పాకడం మొదలుపెట్టాడు. బంతిని ముందు పెట్టుకుని గుంత చుట్టూ పాకుతుంటే కరీం సాబ్ వచ్చాడు. పిడికిట్లో దూది పట్టి రకం చెప్పగలిగే మనిషి, మిల్లులో వీరేశానికి స్నేహితుడు.

"అరె వీరేశన్నా! ఏం పోగొట్టుకున్నావప్పా?"

"బుద్ధి పోగొట్టుకున్నాడన్నా," వంటింట్లోంచి పద్మమ్మ. "వారం నుంచి ఎతుకుతాండాడు."

రెండో వారం మూడేళ్ల మెట్టు వచ్చింది. ఆ వయసు బిడ్డ తన పని తానే చేసుకోవాలట. వీరేశం తన కంచం తానే కడిగాడు, తన బట్టలు తానే ఉతికాడు, తన స్నానానికి నీళ్లు వీధి కొళాయి నుంచి తానే మోశాడు. బిందె దించిన ప్రతిసారీ పద్మమ్మ చప్పట్లు కొట్టేది. "బంగారుకొండ! ఎంత బాగ తెచ్చినాడో!" వీధిలో ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

మూడో వారం బడి వయసు. కిరసనాయిలు లైన్లో నిలబడి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో రాట్నం ఉంది, పక్కన నూలు చిలపలు ఉన్నాయి.

"ఈ వయసులో సేతిపని నేర్సుకోవాలంట. కూసో. కండెలు సుట్టు."

"ఏ పుటలో ఉంది?"

"నూట పన్నెండు. నువ్వు గీత గీయని సోట."

"ఎవరికి ఈ కండెలు?"

"మా గోవిందన్నకు. ఎమ్మిగనూరు పంపిస్తా."

వీరేశం కూర్చున్నాడు. నాన్న పక్కన ఏడేళ్ల వయసులో ఇట్లాగే కూర్చుని చుట్టేవాడు. చేతులకు ఆ సంగతి గుర్తుంది. నూలు వేళ్ల మధ్య జారుతుంటే నాన్న పంచెకు ఉండే గంజి వాసన ఎక్కడినుంచో వచ్చింది. కసిరినట్లు మాట్లాడి, పోగు తెగకుండా కండె చుడితే బెల్లం ముక్క చేతిలో పెట్టే మనిషి. ఆయన మీద బెంగ ఇన్నేళ్లకు ఒక్కసారిగా తగులుకుంది. రెండు గంటలు తలెత్తలేదు.

విచిత్రం ఏమంటే, నాలుగు రోజులు కండెలు చుట్టేసరికి మణికట్టు మెత్తబడింది. పది బంతులు కొడితే మూడు గుంతలో పడ్డాయి. వీరేశం ఎగిరి గంతేశాడు. పద్మమ్మ మాత్రం పెదవి విరిచింది.

"మూడేనా? అడుగు మెట్టు ఒకటి తప్పిపోయిందయ్యా. నీ పుట్టెంటికలు ఉరుకుంద ఈరన్నకు మొక్కి, కరువొస్తే ఇంటికాడనే తీయించినారంట. మీ యమ్మ సెప్పింది. ఆ మెట్టు ఎక్కకుండ ఏమెక్కినా నిలబడదు."

వీరేశం అదిరిపడ్డాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక ఆస్తి జుట్టు. నూనె రాసి వెనక్కి దువ్వితే మిల్లులో కూలివాళ్లు కూడా తిరిగి చూసేవారు. కానీ ఆదివారమే ఆట. శనివారం సెలవు పెట్టి ఉరుకుంద బస్సెక్కాడు. సాయంత్రం చేతిలో దువ్వెనతో, తలమీద తువ్వాలుతో దిగాడు. దువ్వెన ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు.

ఆదివారం పొద్దున ఎండ అప్పుడే చుర్రుమంటోంది. దస్తూర్ దొర తెల్ల టోపీతో మొదటి జెండా దగ్గర నిలబడ్డాడు. చూడ్డానికి కరీం సాబ్ కూడా వచ్చాడు. వీరేశం కర్ర సరిచేసుకుని, మెట్లన్నీ ఒకసారి మనసులో చదువుకుని, దొరకు నమస్కారం పెడుతూ తువ్వాలు తీశాడు.

నున్నటి గుండు ఎండకు తళుక్కుమంది. దొర మొహంలో నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"వీరేశం, ఎవరు? మీ ఫాదరా?"

నాన్న పోయి పన్నెండేళ్లయిందని చెప్పడానికి వీరేశం నోరు తెరిచాడు. దొర కళ్లలో నీళ్లు. ఆయన తండ్రి పోయిన ఏడే పోయాడట. "ఇంత దుఃఖంలో కూడా మాట తప్పకుండా వచ్చావా? వద్దు, వద్దు. ఇంటికి పో. మూడు రోజులు సెలవు." రాట్నం దగ్గర తగులుకున్న బెంగ వీరేశాన్ని ఇంకా వదల్లేదు. మాటకు బదులు నిజంగానే ఏడుపు వచ్చింది. దొర కర్ర తీసుకుని కరీం సాబ్ చేతికి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఎవరివో చెప్పులు. ముందుగదిలో గుంత మీద మగ్గం నిలబడి ఉంది. పద్మమ్మ అన్న గోవిందన్న ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే పడుగు మోసుకొచ్చి బిగిస్తున్నాడు. ఎమ్మిగనూరు పంపిస్తానన్న కండెలన్నీ మగ్గం పక్కనే బుట్టలో ఉన్నాయి. గుంత శుభ్రం చేస్తుంటే దొరికిన పగిలిన బంతిని పద్మమ్మ కత్తితో విప్పుతోంది. లోపల సన్నటి రబ్బరు దారం, గజాలు గజాలుగా వస్తోంది.

"సూడయ్యా, దొరల బంతిలో కూడా ఉండేది దారమే. ఎవరో మనట్లాంటోళ్లే కూసోని సుట్టినట్లుండారు."

"ఇదంతా ఏందే? నన్నడగకుండా?"

పద్మమ్మ పుస్తకం తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. "నడివయసులో మనిషి తన తర్వాతి వాళ్లకు పనికొచ్చేది ఏదైనా నిలబెట్టాలి. లేకుంటే ఎదుగుదల ఆగిపోతుంది." పుస్తకం మూసింది. "అది ఆఖరు మెట్టుకు ముందుది. ఎక్కుతావా? మల్లా గంజి కాడికి పోతావా?"

వీరేశం గుంతలోకి చూశాడు. నాన్న కాళ్లు ఆడిన చోట పద్మమ్మ కాళ్లు ఆడతాయి. దాన్ని పదకొండేళ్లు ఖాళీగా ఉంచింది తానేనని సిగ్గేసింది. తువ్వాలు నడుముకు చుట్టుకుని, గోవిందన్నకు కొయ్య అందించాడు.

దొర ఇచ్చిన సెలవు మగ్గం బిగించడానికి సరిగ్గా సరిపోయింది. హెడ్డు గుమాస్తా పని, గోల్ఫు కర్ర మొహమే చూడని గిడ్డయ్య అనే ఇంకో గుమాస్తాకు వచ్చింది. అందరూ చేలో ఆట నేర్చుకుంటుంటే ఆఫీసులో ఉన్నది ఆయనొక్కడే. ఇప్పుడు ఆ మిల్లూ లేదు, ఆ జెండాలూ లేవు, టీ గ్లాసులో దూదీ పడదు. ఆ మగ్గం చప్పుడు మాత్రం ఆ వీధిలో చాలా ఏళ్లు వినిపించింది.

ఆ సెలవులో మూడో రోజు సాయంత్రం పద్మమ్మ గుంతలో కాళ్లు దించి కూర్చుంది. నాడె అటూ ఇటూ పరిగెత్తుతోంది. పక్కన రాట్నం తిప్పుతూ వీరేశం గుండు తడుముకున్నాడు.

"అవున్మే, ఆ మొక్కు సంగతి మా యమ్మ నీకు ఎప్పుడు సెప్పింది?"

"యాడ సెప్పింది? నీ పుట్టెంటికలు ఏడాదిలోనే ఈరన్నకు ఇచ్చినారు."

రాట్నం ఆగింది. "మరి ఆ మొక్కు?"

"నాది. ఈ గుంతలో మగ్గం దిగితే మొగుని గుండు కొట్టిస్తానని పెండ్లైన రెండో ఏడే మొక్కుకున్నా."

"మగ్గం దిగింది ఆదివారం. నా గుండు శనివారం. ముందే ఎట్ల ఇస్తివే?"

"నువ్వు పుస్తకం కొన్న పొద్దే తెలిసె, దిగుతాదని. కండె అయిపాయ, ఇంగొకటి ఇయ్యి."

వీరేశం ఇచ్చాడు.