ఎడమ పక్క ఎరుపు

మన దేశంలో ఏ వస్తువు బాగుందో, ఏది పాడైందో తేల్చేది దాని పెయింటు. ఈ సూత్రం ఏ చట్టంలోనూ రాసి లేదు. రాసి లేదు కాబట్టే ఇంతవరకూ ఎవరూ దాన్ని ఉల్లంఘించలేదు.

బిలాస్‌పూర్‌లో రాజ్‌కిశోర్ నగర్ చివర ఉన్న నిర్మల్ విహార్ సొసైటీ వారు ఈ సూత్రాన్ని ఒక యాప్‌లో పెట్టారు. దాని పేరు ‘సుందర్ గాడీ’. సొసైటీ వాచ్‌మన్ రోజూ పొద్దున్నే వీధిలో ఆగి ఉన్న ప్రతి బండికీ పక్కనుంచి ఒక ఫొటో తీస్తాడు. ఫొటోలో రంగూ, రిజిస్ట్రేషన్ కాగితంలో రంగూ కలిస్తే ఆ బండికి యజమాని ఉన్నట్టు. కలవకపోతే లేనట్టు. (యజమాని పక్కనే నిలబడి ఉన్నా సరే. యాప్‌లో మనుషుల్ని చూసే సౌకర్యం ఇంకా రాలేదు.)

ఒక మంగళవారం ఉదయం పద్నాలుగో నంబరు ఇంటి తిరుమలరావు తన కారు కడుగుతున్నాడు. ముందు అద్దం తుడిచి, బట్ట పిండుకుని తిరిగేసరికి, ఆ శుభ్రమైన అద్దం మీద ఒక కాగితం అంటించి ఉంది. ‘లావారిస్. ఈ వాహనానికి దిక్కు లేదు.’

కాగితం అంటించినవారు సాహూ గారు. ఆయన హోదా గౌరవ వాహన సౌందర్య అధికారి. తిరుమలరావూ ఆయనా హిందీలో మాట్లాడుకున్నారు.

“సాహూజీ, ఇది నా కారు.”

“తెలుసు జీ. మొన్న దీన్లోనే కదా నన్ను గోల్ బజార్‌లో దింపారు. సీటు చాలా మెత్తగా ఉంది.”

“మరి దిక్కులేనిదని అంటించారే?”

“నేను అనలేదు, యాప్ అంది. చూడండి, కాగితంలో ఎరుపు. ఫొటోలో ఏముంది? టాప్ తెలుపు. తలుపులు గులాబీ. వెనక చక్రం పైన ఏ రంగో తెలియక ‘మానవ చర్మం’ అని రాసింది.”

తిరుమలరావు కారు వైపు చూశాడు. యాప్ అబద్ధం ఆడలేదు. పన్నెండేళ్ళ ఎండకు ఎరుపు ముందు వెలిసింది, తరవాత పొడిబారింది, చివరికి ఉల్లిపొరలా లేచిపోవడం మొదలెట్టింది. లోపల ఇంజను మాత్రం ఒక్క తాళానికి లేస్తుంది. అయితే ఇంజనుకు ఫొటో తీసే నియమం లేదు.

“వచ్చే ఆదివారం దాటి మరో ఆదివారం నేను ఇన్‌స్పెక్షన్‌కు వస్తాను. అప్పటికి ఎరుపు కనబడాలి. లేకపోతే బండి దిక్కులేని బండ్ల యార్డుకు పోతుంది,” అన్నారు సాహూ గారు, చాలా మర్యాదగా.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ కారు కాగితం మీద తిరుమలరావుదే గానీ నిజానికి అతని భార్య కనకమహాలక్ష్మిది. ఆవిడ దగ్గర్లోని కోటా అనే ఊళ్ళో బడి టీచరు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. రోజూ ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు పోయి రావాలి. యాభయ్యో ఏట ఈ కారు మీదే డ్రైవింగు నేర్చుకుంది. నేర్పడానికి వచ్చిన ముగ్గురు వరసగా మానేశాక, నాలుగో ఏడాదికి తనంతట తనే పట్టు సాధించింది. వేరే ఏ కారెక్కినా ఆవిడ కాలికి క్లచ్ దొరకదు. మోకాళ్ళ నొప్పికి బస్సు మెట్టు పడదు.

“ఏటండీ, పంపీస్తారేటి నా కారు?” అంది ఆవిడ, బడి సంచి భుజాన వేసుకుంటూ.

“నేనుండగా నీకేటి భయం కనకం? పెయింటే కదా. నా చేతుల మీదుగా ఎన్ని వేయించలేదు!”

ఆ మాట నిజమే. తిరుమలరావు రైల్వేలో వర్క్స్ సూపర్‌వైజరుగా రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. అయితే ముందు లోకంలో అందరూ చేసే పనే చేశాడు. ఒక పెద్ద వర్క్‌షాపుకు వెళ్ళాడు. టై కట్టుకున్న కుర్రమేనేజరు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, లెక్క కట్టి, కారు కంటే పెయింటు ఖరీదైనదని తేల్చాడు.

“సార్, ఒక సలహా. కారు అమ్మేయండి. ఆ డబ్బుతో పెయింటు వేయించుకోవచ్చు.”

గోల్ బజార్‌లో డబ్బా స్ప్రేలు అమ్మే దుకాణం వాడు ఎరుపులో తన దగ్గర పదకొండు రకాలున్నాయని, అందులో ఏ రెండూ కలవవని గర్వంగా చెప్పాడు. అక్కడితో మార్కెట్ సర్వే ముగిసింది. ఆ సాయంత్రం తిరుమలరావు అమ్మన్నకు ఫోన్ చేశాడు.

అమ్మన్న ముప్ఫయ్యారేళ్ళు రైల్వే పెయింటరు. పలాస దగ్గరి ఊరి నుంచి తాత వచ్చి ఇక్కడ షెడ్డులో చేరాడు. మనవడి చేతికి బ్రష్షు వారసత్వంగా వచ్చింది. అతను వచ్చి, కారును చేత్తో నిమిరి, వేళ్ళకంటిన గులాబీ పొడిని లుంగీకి తుడుచుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“సాబు ఏ పక్క నుంచి ఒత్తాడు బాబూ?”

తిరుమలరావు కళ్ళు మెరిశాయి. రెండేళ్ళ తరవాత తన భాష మాట్లాడే మనిషి దొరికాడు.

తెలియనివారి కోసం ఈ శాస్త్రాన్ని కాస్త వివరించాలి. తిరుమలరావు తన సెక్షన్లో పదకొండు వార్షిక ఇన్‌స్పెక్షన్లను గట్టెక్కించాడు. అతని పద్ధతి ప్రకారం, పెద్దసాబు రైలు దిగి ప్లాట్‌ఫాం వైపు నుంచి వస్తాడు. కాబట్టి ప్రతి గదికీ ప్లాట్‌ఫాం వైపు గోడకే రంగు. రాళ్ళకు సున్నం సాబు నడిచే దారి వరకే. పూలకుండీలు ముందురోజు టెంపోలో వస్తాయి, మర్నాడు టెంపోలో వెళ్తాయి. గోడకు అటుపక్క ఏముందన్నది ఇన్‌స్పెక్షన్ పరిధిలోకి రాదు. సగం ఖర్చు, నిండు మార్కులు. చివర ఒక ఫారం మీద ‘అన్ని వైపులా చూడబడినది’ అని సంతకం. పదకొండుసార్లూ ఆ సంతకం తిరుమలరావుదే.

“ఎడమ పక్కనుంచి వస్తాడు అమ్మన్నా. కుడి పక్కని గోడకి ఆనించి పెడతాను.”

“అయితే ఎడం పక్క తలుపులు, ముందు బానెట్టు, ఎనక డిక్కీ. మరి టాపు?”

టాప్ విషయంలో తొందరపడకూడదని ఇద్దరూ అనుకున్నారు. వాచ్‌మన్‌ను అడిగి సాహూ గారి ఎత్తు తెప్పించారు. ఐదడుగుల రెండంగుళాలు. ఆయన చూపు టాప్ మధ్య వరకూ అందుతుంది, ఆపైన అందదు.

“సగం టాపు సాలు,” అన్నాడు అమ్మన్న.

కనకమహాలక్ష్మి వంటింటి కిటికీలోంచి అంతా వింటోంది. “అమ్మన్నా, మొత్తం వేసీరాదూ? ఆ రెండు తలుపులకీ ఏటంత పెయింటవుద్ది?”

“పెయింటు కాదమ్మా. పద్ధతి,” అన్నాడు అమ్మన్న.

“నేను రోజూ ఇదే వేసుకుని తిరగాల. కోటాలో పిల్లలు రెండు పక్కలా సూస్తారు.”

“పిల్లలు ఇన్‌స్పెక్షన్‌కి రారు కనకం,” అన్నాడు తిరుమలరావు. ఆవిడ కిటికీ రెక్క మూసేసింది.

పని నాలుగు రోజులు సాగింది. పని మాత్రం తప్పు పట్టడానికి లేదు. అమ్మన్న నీళ్ళు పోస్తూ ఎమరీ కాగితంతో రుద్దాడు, గీతల్లో లప్పం పెట్టాడు, అద్దాలకూ చక్రాలకూ పాత హిందీ పేపర్లు అంటించాడు. సుద్ద పూసిన దారాన్ని టాప్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, ఒక్కసారి మీటి వదిలాడు. తెల్లటి గీత పడింది. గీతకు ఇవతల మూడు పూతల ఎరుపు. అవతల మానవ చర్మం.

ఆదివారం నాటికి కారు గోడకు కుడి పక్క ఆనించి నిలబడింది. మిగిలిన ఖాళీల్లో పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చిన ఏడు పూలకుండీలు. సాహూ గారు వచ్చారు. టీ తాగారు. రెండు సమోసాలు తిన్నారు. ఎడమ తలుపులో తన మొహం చూసుకుని మీసం సవరించుకున్నారు. తరవాత ఫోన్ ఎత్తి ఫొటో తీశారు. యాప్ ఒక్క క్షణం ఆలోచించి ‘ఎరుపు. యజమాని ఉన్నాడు’ అంది.

“శభాష్ జీ! నియమం తొమ్మిది ప్రకారం ఈ ధ్రువపత్రం ఐదేళ్ళు చెల్లుతుంది. ఐదేళ్ళ దాకా మీ కారును ఎవరూ చూడనక్కర్లేదు. అది ఉన్నట్టే.”

తిరుమలరావు ఆ పత్రాన్ని పటం కట్టించాడు. అతని జీవితంలో ఇది పన్నెండో విజయం.

విజయం పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజున వీధి మొదట్లో బోరు వేసే లారీ అడ్డంగా ఆగింది. బడి నుంచి వచ్చిన కనకమహాలక్ష్మి చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి వీధిలోకి వచ్చింది. మోకాలు సలుపుతోంది. వచ్చిన దారికి తగ్గట్టే, ఈసారి ఎడమ పక్క గోడ వైపు పడేలా కారు ఆపేసి లోపలికి పోయింది. మర్నాడు బడికి సెలవు. పొద్దున్నే వాచ్‌మన్ ఫొటో తీసుకున్నాడు. పది గంటలకు ఇద్దరూ టిఫిన్ చేసి బయటికి వచ్చేసరికి గోడ ఉంది, కారు లేదు.

ఇద్దరూ సొసైటీ ఆఫీసుకు పరుగెత్తారు.

“మీ కారుకేమీ కాలేదు,” అన్నారు సాహూ గారు, కంప్యూటర్ వాళ్ళ వైపు తిప్పుతూ. “ఇదిగో, ఎర్ర కారు, పద్నాలుగో నంబరు ఇంటి ముందు. పత్రం కూడా ఉంది. మేం తీసుకెళ్ళింది వేరే బండి. గులాబీ రంగుది. మీ కారు స్థలంలోనే దొంగతనంగా నిలబెట్టారు.”

“సాహూజీ, దాని నంబరు చూడండి. నాదే!”

“చూశాం జీ. అదే మరీ ఘోరం. మీ నంబరును ఎవరో వాడుతున్నారు. మీ తరఫున ఫిర్యాదు కూడా రాశాం.”

“దాని బానెట్టు ఎర్రగా లేదా?”

“ఉంది. అది మీ కారుదే అని మా అనుమానం. దొంగతనం కూడా కలిపాం.” ఆయన జాలిగా తల ఊపారు. “మీరు మంచివారు కాబట్టి ఇంతవరకూ గమనించలేదు.”

తిరుమలరావు ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కనకమహాలక్ష్మి కూర్చోలేదు.

“రెండూ ఒకే కారు సార్. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క గులాబీ,” అంది ఆవిడ హిందీలో, తరగతిలో బోర్డు మీద రాసి చెప్పినట్టు.

సాహూ గారు రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. సొరుగు లాగి, నియమం ఇరవై మూడు కింద ఒక ఫారం తీశారు. “అలా ఉండే అవకాశం ఉంది. దీనికి దారి కూడా ఉంది. తిరుమల్ రావ్ జీ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాలి. ‘ఇన్‌స్పెక్షన్ కోసం నేను చూపించే పక్కకే రంగు వేయించాను.’ అంతే. పాత పత్రం రద్దవుతుంది, సాయంత్రానికి బండి ఇంటికి వస్తుంది. రెండో పక్క కూడా వేయించుకుని మళ్ళీ పిలవండి.”

తిరుమలరావు కలం తీసుకున్నాడు. ‘ఇన్‌స్పెక్షన్ కోసం నేను’ వరకూ రాశాడు. అక్కడ చెయ్యి ఆగింది.

“రాయండి,” అంది కనకమహాలక్ష్మి.

“కనకం, ఇది కాగితం మీద పడిపోద్ది.”

“పడనీండి. ఏటవుద్ది?”

“ముప్ఫయ్యయిదేళ్ళ సర్వీసు. ఒక్కసారి నా చేత్తో ఇది రాస్తే, రేపెవడైనా వెనక్కి తిరిగి ఆ పదకొండూ...” (సాహూ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన కూడా ఎక్కడో రిటైరైనవారే.)

“ఎవుడూ సూడడండీ వాటిని. నా కారు అక్కడ యార్డులో ఉంది.”

“వేరే దారి చూస్తాను. నాకు రెండు రోజులు టైమియ్యి.”

ఆవిడ అతని మొహం వైపు చూసింది, చేతిలో కలం వైపు చూసింది. “అచ్ఛా,” అంది. ఆ ఒక్క మాటే.

ఆ రెండు రోజులకు ఇప్పుడు ఐదో నెల. వేరే దారి కోసం తిరుమలరావు వివిధ స్థాయుల్లో ఏడు అర్జీలు పెట్టాడు. ఏ అర్జీలోనూ కుడి పక్క ప్రస్తావన లేదు. యార్డులో కారును ఎడమ పక్క గోడకు ఆనించి పెట్టారని అమ్మన్న స్వయంగా వెళ్ళి చూసి వచ్చి చెప్పాడు. తన పనికి ఎండ తగలడం లేదని అతనికి తృప్తి.

నియమం తొమ్మిది ప్రకారం రోజూ ఉదయం ఏడు గంటలకు తిరుమలరావు ఫోన్‌కు యాప్ నుంచి సందేశం వస్తుంది. ‘మీ ఎర్ర కారు మీ ఇంటి ముందు క్షేమంగా ఉంది.’ ఆ సమయానికి కనకమహాలక్ష్మి కోటా బస్సులో నిలబడి ఉంటుంది.