నిపుణుడికి ఒక్క జవాబు తక్కువ

ఆ ఆదివారం షాపు షట్టరు ఎత్తేలోపు నిపుణుడు అయిపోవాలని వాషింగ్ మెషీన్ల మెకానిక్కు నిశ్చయించుకున్నాడు. పాతికేళ్ళుగా ఊరంతా ఆయన్ని నిపుణుడనే అంటోంది. కానీ ఫోనులో ఆయన జవాబులు రాసే ప్రశ్నోత్తరాల సైటు కూడా అనాలి కదా! అక్కడ అడిగినవాళ్ళకి వంద జవాబులు నచ్చితే పేరు పక్కన నక్షత్రం ఇస్తారు. ఆయనకి తొంభై తొమ్మిది ఉన్నాయి. ఆ ఒక్కదాని కోసం ఆయనకి వారం రోజులుగా నిద్ర లేదు.

సమయానికి ప్రశ్న పడింది: “కొత్త మెషీను. బట్టలు పిండేటప్పుడు గదంతా నడుస్తోంది. ఏం చేయాలి?”

ఇదేమన్నా బ్రహ్మవిద్యా! లారీలో వచ్చేటప్పుడు డ్రమ్ము కదలకుండా కంపెనీవాళ్ళు వెనక బిగించిన నాలుగు బోల్టులు విప్పలేదన్నమాట. ఆ సంగతే ఒంటి వేలితో టైపు చేసి, “బోల్టులు పారేయకండి, ఇల్లు మారినప్పుడు కావాలి” అని కూడా చేర్చి పంపాడు. పంపాక చూస్తే, పైన అచ్చం అదే జవాబు. బోల్టులు పారేయొద్దన్న మాటతో సహా! రాసినవారి పేరు ‘ఓపిక’.

“ఎవడో నా జవాబు కాపీ కొట్టాడే!” అని వంటింట్లోంచి వస్తున్న భార్యకి మొరపెట్టుకున్నాడు.

“ఎవరు ముందు రాశారో చూసుకున్నారా?”

“చూసేదేముంది? అవి నా మాటలు!”

ఆవిడ ఫోను పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఓపిక రాసినదాని కింద “ఇది ఎంగిలి జవాబు” అని తగిలించాడు. నిమిషంలో బదులొచ్చింది: “టైము చూడండి. నాది నాలుగు నిమిషాలు ముందు. ఒకే జవాబు రెండుసార్లు పడితే, తర్వాత రాసినవారు తమది తీసేసి మొదటిదానికి ఓటు వేయడం మర్యాద.”

చూస్తే నిజమే. తీసేస్తే నక్షత్రం పోతుంది, ఉంచితే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు జవాబులూ ఒకటి కాకుండా ఉంటే చాలు కదా అన్న పాడుబుద్ధి పుట్టి, ‘నాలుగు’ కొట్టేసి ‘ఐదు’ అని దిద్దాడు.

పది నిమిషాల్లో అడిగినావిడ రాసింది: “ఐదోది కూడా కష్టపడి వెతికి విప్పానండీ. థాంక్స్. నేలంతా నీళ్ళు వస్తున్నాయి, అది మామూలేనా?”

మెకానిక్కుకి సంగతి అర్థమైంది. పాపం ఆవిడ విప్పింది నీళ్ళ గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు. ఒక్క నక్షత్రం కోసం ఎవరి ఇల్లో ముంచానని నిజంగానే సిగ్గుపడ్డాడు. ఇప్పుడు తను ఏం చెప్పినా ఆవిడ నమ్మదు. వెంటనే తన జవాబు తీసేసి ఓపికకి మెసేజ్ పెట్టాడు: “అయ్యా, తప్పు నాది. మీరు చెబితే వింటారు. కుళాయి కట్టించి, ఆ ఐదోది మళ్ళీ పెట్టించండి.”

ముందుగదిలో భార్య ఫోను టింగుమంది.

“దీనికి మెసేజ్ ఎందుకండీ? ‘ఏమే’ అంటే పలకనా?” అంటూ ఆవిడే వచ్చింది. “కుళాయి కట్టెయ్యమని అప్పుడే చెప్పాను. బోల్టు కూడా బిగించేసుకుంది.”

“నువ్వా! మరి నా మాటలు…”

“షాపు ఫోనెత్తి పాతికేళ్ళుగా అందరికీ చెప్తున్నది ఎవరు? బోల్టులు పారేయొద్దనే మాట మీకు నేర్పిందే నేను!”

మధ్యాహ్నానికి సైటువాళ్ళు, ఒకే ఇంటినుంచి ఒకే జవాబు రెండు పేర్లతో వచ్చిందని కనిపెట్టి, ఇద్దరూ ఒకరేనని తేల్చి ఖాతాలు కలిపేశారు. అడిగినావిడకి ఓపిక జవాబు నచ్చి, ఆయన తొంభై తొమ్మిదితో కలిపి నూరు అయ్యాయి కనుక నక్షత్రమూ ఇచ్చారు, ఓపిక పేరు పక్కన. ఓడిపోయినా మర్యాద తప్పకూడదని ఆయన ఆ జవాబుకి ఓటు నొక్కాడు.

ఎవరి జవాబుకి వారే ఓటు వేసుకోవడం మర్యాద కాదని సైటు మందలించింది.