ఆరో అంతస్తు, ఏడు స్వరాలు

“ఇందుమూలంగా నగర పౌరులందరికీ తెలియజేయడమేమనగా, ఇకపై నివాస సౌకర్యాల కార్యాలయానికి ఇచ్చే ప్రతి అర్జీనీ సమభాషలోనే రాసి, అధికారి ఎదుట తగిన స్వరంతో, తగిన ఊనికతో చదివి వినిపించవలెను. ఈ భాష ఎవరికీ మాతృభాష కాదు కనుక ఎవరికీ అన్యాయం జరగదు!”

ఈ నోటీసును మా బిల్డింగులో ఆగిపోయిన లిఫ్టు తలుపుకే అతికించి వెళ్ళారు. నోటీసు మాత్రం మామూలు భాషలోనే ఉంది. లేకపోతే ఎవరికీ అర్థం కాదు కదా!

చదివినవాళ్ళంతా తలలు పట్టుకున్నారు. నేను ఎగిరి గంతేశాను! ఎందుకంటే నాకు భాషల పిచ్చి. ఒకే అక్షరాన్ని గొంతు లేపి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం వచ్చే భాషలున్నాయని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ మాటకొస్తే మనం మాత్రం తక్కువ తిన్నామా? మా అమ్మమ్మ “నీ ఇష్టం” అందంటే, “ఆ పని చేశావో, నీ సంగతి చెప్తా” అని అర్థం. ఏ వ్యాకరణంలో ఉందండీ ఈ సూత్రం?

సమభాషలో ఇలాంటి గందరగోళమేమీ లేదు. పందొమ్మిది మంది సభ్యుల కమిటీ ఆరేళ్ళు కూర్చుని తయారుచేసింది. అన్నిటికీ నియమాలే, ఒక్క మినహాయింపూ లేదు! ఊనిక, అంటే నొక్కి పలకడం, ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే. స్వరాలు ఏడు. మొదటిది మనవి స్వరం, రెండోది కృతజ్ఞతా స్వరం, మూడోది క్షమాపణ స్వరం. ఇలా పోయి పోయి ఏడోది ఆజ్ఞా స్వరం. పౌరులకి మొదటి మూడూ సరిపోతాయని ముందుమాటలోనే ప్రేమగా రాశారు. ఆరు వందల నలభై పేజీల ఆ పుస్తకాన్ని నేను మూడు నెలల్లో నమిలి మింగేశాను.

నాకంత తొందరెందుకంటే, మా అమ్మమ్మ.

మేముండేది ఆరో అంతస్తు. అమ్మమ్మవి అరిగిపోయిన మోకాళ్ళు. లిఫ్టు ఆగినప్పటి నుంచీ ఆవిడ కాలు కింద పెట్టలేదు. అంతకు ముందు రోజూ సాయంత్రం అయిదింటికల్లా కిందికి దిగి, గ్రౌండ్ ఫ్లోర్లో బట్టలు కుట్టే ఆవిడతో రమ్మీ ఆడేది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు “వదినా” అని పిలుచుకుంటారు, పేకముక్కలు దాచినప్పుడు తప్ప. ఇప్పుడేమో ఆవిడ రోడ్డు మీద నిలబడి అరుస్తుంది, అమ్మమ్మ బాల్కనీలోంచి అరుస్తుంది, మధ్యలో లారీలు అరుస్తాయి.

“ఏం వినపడింది అమ్మమ్మా?” అని అడిగానొకసారి.

“మాటలెవడిక్కావాలే? గొంతు వినపడింది. వదినకి నడుం నొప్పి తగ్గలేదు. కోడలి మీద గుర్రుగా ఉంది. ఇవాళ ఎవరివో బట్టలు కొలత తప్పి కుట్టి, ఒప్పుకోకుండా దబాయించి పంపింది.”

కిందికెళ్ళి కనుక్కుంటే మూడూ నిజమే!

ఆశ్చర్యపోకండి. అమ్మమ్మ ముప్పై ఏళ్ళు బస్టాండులో అనౌన్సర్. ఆ మైకులోంచి మాట వస్తే కంకర దొర్లినట్టుండేదట. ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదు. అయినా ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషికీ బస్సు తప్పిపోలేదు. బస్సు ఆలస్యమైతే ఆవిడ గొంతు సాగేది, జనం కూర్చునేవాళ్ళు. బస్సు వస్తుంటే గొంతు లేచేది, జనం సంచులు అందుకునేవాళ్ళు. ఆఖరి బస్సు కదులుతోందని చెప్పే గొంతు మాత్రం వేరు. అది వింటే అసలు ప్రయాణమే లేనివాళ్ళు కూడా పరుగెత్తేవాళ్ళట!

సరే, లిఫ్టు బాగు చెయ్యాలంటే ఆఫీసు సంతకం కావాలి. సంతకం పడందే మెకానిక్కు స్క్రూ కూడా ముట్టుకోడు. కాబట్టి శుభ్రంగా అర్జీ రాసుకుని సోమవారం పొద్దున్నే వెళ్ళాను.

స్వర పరిశీలకుడు గారు కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, వేలితో బల్ల మీద తాళం వేస్తూ విన్నారు. నిన్నటిదాకా ఆయన ఉత్తరాల మీద ముద్రలు కొట్టే గుమాస్తా. కమిటీ రాగానే చెవులకి ప్రమోషను వచ్చింది!

“ఊఁ... మూడో వరుసలో స్వరం కాస్త తగ్గిందమ్మా. వచ్చే సోమవారం రండి.”

వారమంతా మూడో వరుసే సాధన చేశాను. వెళ్ళాను.

“స్వరం బ్రహ్మాండం. ఊనిక కుదర్లేదు. సోమవారం రండి.”

మూడో సోమవారం ఊనిక కుదిరింది. “కుదిరిందమ్మా. కానీ ఆ కుదరడంలో వినయం లేదు” అన్నారు. నాలుగో సోమవారం వినయం ఎక్కువైంది. “మరీ ఇంత వినయమైతే వెటకారంలా ఉంటుంది.”

నేను నమ్మాను! నిజంగా నాదే తప్పనుకున్నాను. ఎంత గొప్ప చెవులో అని ఆ చెవుల వంక భక్తిగా చూశాను కూడా.

అయిదో సోమవారం హడావిడిలో అర్జీకి బదులు నాలుగో పాఠం అభ్యాసాల కాగితం తీసుకెళ్ళాను. చదవడం మొదలెట్టాక గానీ చూసుకోలేదు. ఆపితే మర్యాద కాదని చదివేశాను. ఆ సమభాషకి అర్థం ఇదీ: “నా గొడుగు మీ ఏనుగు కన్నా పొడవు. మీ ఏనుగు నా గొడుగు కన్నా లావు. కావున గొడుగుకు కృతజ్ఞతలు.”

పరిశీలకుడు గారు కళ్ళు తెరిచారు. తడిగా ఉన్నాయి.

“విషయం మనసుని పట్టేసిందమ్మా. లిఫ్టు లేని బాధ కళ్ళకి కట్టింది. ఒక్క రెండో వాక్యంలో ఊనిక...”

అప్పుడు చూశాను. ఆయన బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద సమభాషా వ్యాకరణం! ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

“సార్, మీకు సమభాష వచ్చా?”

టీ తెస్తున్న అటెండరు చేతిలో గ్లాసు ఠక్కున ఆగింది. టైపు చప్పుళ్ళు ఆగాయి. పరిశీలకుడు గారు మాత్రం చెక్కు చెదరలేదు.

“ఈ ప్రశ్న సమభాషలో అడగాలమ్మా. సోమవారం రండి.”

ఇంటికెళ్ళి ఆరంతస్తులూ మెట్లను తన్నుకుంటూ ఎక్కాను. “అమ్మమ్మా! ఒక్కడికీ రాదు! ఆఫీసు మొత్తం నాటకం! పేపరుకి రాస్తాను, బయటపెడతాను!”

“బయటపెడితే లిఫ్టు వస్తుందా?”

“నిజం బయటికొస్తుంది!”

“వచ్చిందే అనుకో. నిజం నన్ను మోసుకుని ఆరంతస్తులు ఎక్కుతుందా?” అమ్మమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటూ అడిగింది. “ఏమే, స్వరాలు ఏడన్నావు. ఏడోది ఎవరిదే?”

“అది ఆజ్ఞా స్వరం. ఆఫీసువాళ్ళకి మాత్రమే.”

“వాళ్ళు వాడుతున్నారా?”

“వాళ్ళకి ఒక్కటీ రాదని చెప్తున్నానుగా!”

“అయితే ఖాళీగానే ఉందన్నమాట” అంది అమ్మమ్మ.

సోమవారం ఆవిణ్ణి కిందికి దించడానికి గంటన్నర పట్టింది. అంతస్తుకొక కుర్చీ వేశాం. ఒక్కో కుర్చీలో కూర్చున్నప్పుడల్లా కింద నుంచి వదిన గారు “ఇంకెన్ని?” అని అరవడం, అమ్మమ్మ “వస్తున్నా, ముక్కలు కలుపు!” అని తిరిగి అరవడం. చివరి మెట్టు మీద ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడితే, నేను మొహం అటు తిప్పుకున్నాను.

“అమ్మమ్మా, మళ్ళీ పైకెలా ఎక్కుతావు?” అని అడిగాను ఆటోలో.

“లిఫ్టులో.”

“నీకు సమభాష రాదు కదా!”

“వాళ్ళకి వచ్చా?”

ఆఫీసు హాలు నిండా అర్జీదారులు. అందరూ గుసగుసగా మనవి స్వరం సాధన చేసుకుంటున్నారు. అమ్మమ్మ పరిశీలకుడు గారి బల్ల ముందు నిలబడింది. కుర్చీ చూపిస్తే వద్దంది. గొంతు సవరించుకుని, చెయ్యి నోటి దగ్గర మైకులా పెట్టుకుని మొదలెట్టింది.

“లెరోమా తిసునా గవాఁ... దుమెరీ పొలాస వినూ...”

వ్యాకరణం నాకు కంఠతా వచ్చు కనుక ప్రమాణం చేసి చెబుతున్నాను, అందులో ఒక్క మాట కూడా సమభాషలో లేదు. ఏ భాషలోనూ లేదు! కానీ ఆ గొంతు! ముందు సాగింది, హాల్లో జనం కూర్చున్నారు. తర్వాత లేచింది, సంచులు అందుకున్నారు. ఆ తర్వాత అమ్మమ్మ ఊపిరి తీసుకుని,

“గ్రెమితో సలా! గ్రెమితో సలా! వెహూ... రబీ!”

అది ఆఖరి బస్సు గొంతు. ఆఫీసంతా లేచి నిలబడింది! ఇద్దరు అర్జీదారులు వాకిట్లోకి పరుగెత్తారు. అటెండరు ఫైళ్ళు చంకన పెట్టుకున్నాడు. లోపలి గదిలోంచి సూపరింటెండెంటు గారు ఒక కాలికే బూటుతో బయటికి దూసుకొచ్చారు.

“ఏడో స్వరం సార్!” అన్నారు పరిశీలకుడు గారు.

“నాకు తెలీదా ఏంటయ్యా?” సూపరింటెండెంటు గారు రెండో కాలు మొదటి కాలి వెనక దాచుకున్నారు. “ఇంత స్వచ్ఛమైన సమభాష నేను దాని ప్రారంభోత్సవంలో కూడా వినలేదు. తల్లీ, మీరు కమిటీ వారా?”

“వెహూ రబీ” అంది అమ్మమ్మ.

“అదే అనుకున్నాను! పూర్తిగా అర్థమైంది. అక్షరం అక్షరం అర్థమైంది. అయితే రికార్డు కోసం మామూలు మాటల్లో ఎవరైనా...” ఆయన నలువైపులా చూశారు. అందరూ నా వైపు చూశారు.

అదే అదను! మొత్తం నాటకం బట్టబయలు చెయ్యడానికి ఒక్క వాక్యం చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మమ్మ నా కాలు తొక్కింది.

“రేపు సాయంత్రం నాలుగింటికల్లా లిఫ్టు నడవాలంటున్నారు” అన్నాను. “లేకపోతే పై ఆఫీసుకెళ్ళి ఇదే స్వరంలో మాట్లాడతారట.”

“సరిగ్గా నేనూ ఇదే అర్థం చేసుకున్నాను!” అన్నారు సూపరింటెండెంటు గారు, పెన్ను వెతుక్కుంటూ.

ఆ రాత్రి అమ్మమ్మ వదిన గారింట్లో పడుకుంది. మర్నాడు మూడున్నరకే లిఫ్టు వచ్చింది. అమ్మమ్మ ఏ పనీ లేకపోయినా నాలుగు సార్లు పైకీ కిందికీ తిరిగింది.

ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉండేది.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి మనిషొచ్చాడు. అమ్మమ్మని ప్రధాన స్వర పరిశీలకురాలిగా నియమిస్తారట! “సాయంత్రాలు నాకు రమ్మీ ఉంది” అని ఆవిడ తలుపేసుకుంది. పాపం, ఆ మహాభాష అర్థమైన రెండో మనిషిని నేనే కదా. ఆ ఉద్యోగం నాకిచ్చారు. వద్దందామనే వెళ్ళాను. గదికి కిటికీ ఉంది, తిరిగే కుర్చీ ఉంది. లోపల్నుంచి వ్యవస్థని బాగుచేస్తే తప్పేముంది అనుకున్నాను!

మొదటి పనిగా అమ్మమ్మ ప్రసంగాన్ని అచ్చు వేయించి, ‘ఆదర్శ పాఠం’ అని గోడకి తగిలించారు. సూపరింటెండెంటు గారు దాన్ని కంఠతా పట్టి సభల్లో వినిపిస్తున్నారు. జనం కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. నేను అర్జీలన్నీ విని, చక్కగా అందరివీ పాస్ చేస్తున్నాను. అంతా హాయిగా ఉంది.

ఈ సోమవారం కళ్ళజోళ్ళ షాపాయన ఒకరొచ్చారు. తన షాపు వీధిలో దీపం వెలగాలని అర్జీ. చదవడం మొదలెట్టారు. నిజమైన సమభాష! ప్రతి ఊనికా చివరి నుంచి రెండో అక్షరం మీదే! నా తర్వాత ఈ భాష నేర్చుకున్న మొదటి మనిషి! లేచి కౌగిలించుకోవాలనిపించింది.

చదవడం అయ్యాక ఆయన గోడ వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుని, చిన్నగా నవ్వారు.

“చిన్న సందేహం మేడం. ఆ ఆదర్శ పాఠం ఉందే, వ్యాకరణం మూడుసార్లు తిరగేశాను. అందులో ఒక్క మాటా ఎక్కడా కనపడలేదు. మీరేమైనా...”

అటెండరు గ్లాసు ఆగింది. నా కుర్చీ దానంతట అదే అర చుట్టు తిరిగింది.

“మూడో వరుసలో స్వరం కాస్త తగ్గిందండీ” అన్నాను. “వచ్చే సోమవారం రండి.”

సాయంత్రం వదిన గారి కుట్టుమిషను పక్కన రమ్మీకి కూర్చుని, ఎంత చాకచక్యంగా తప్పించుకున్నానో అమ్మమ్మకి గొప్పగా చెప్పాను. అమ్మమ్మ ముక్కలు కలుపుతూ అడిగింది.

“ఆయన తప్పు చదివాడా?”

“లేదు.”

“నీకర్థమైందా?”

“ప్రతి ముక్కా.”

“వీధిలో దీపం?”

“అది... లేదనుకో. కానీ అమ్మమ్మా, ఆఫీసన్నాక కొన్ని పద్ధతులుంటాయి, నా ఉద్యోగం...”

వదిన గారు మిషను ఆపింది. అమ్మమ్మ ముక్కలు పంచి, తన ముక్కల వంకే చూస్తూ అంది.

“నీ ఇష్టం.”

ఆఖరి బస్సు గొంతుతో అంది.

అక్షరం అక్షరం అర్థమైంది నాకు. ఏమీ అర్థం కానట్టు మొహం పెట్టి, నా ముక్కలు పేర్చుకోవడం మొదలెట్టాను.