అద్దాల పెట్టెలో ఒక్క రివాల్వర్

శనివారం పొద్దున్నే కోళ్ల దాణా కొనుక్కొస్తానని చెప్పి ఇంట్లోంచి బయటపడాలన్నది డెల్బర్ట్ క్రైగర్ పథకం. దాణా నిజంగానే కొంటాడు. అబద్ధమాడడం అతనికి గిట్టదు. కాకపోతే దాణా కొట్టుకు వెళ్లేవాడు పక్క కౌంటీ దాకా కాస్త చుట్టు తిరిగితే పాత తుపాకుల సంత తగులుతుంది. అక్కడెవరో ఓ రివాల్వర్‌ను చౌకగా వదిలించుకుంటున్నారని కబురందింది.

భార్య ఓపల్ పొయ్యి దగ్గర నిలబడి సాసేజి గ్రేవీ కలుపుతోంది. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు. డెల్బర్ట్ మరిచిపోలేదు. సాయంత్రం భోజనానికి హోటల్లో బల్ల చెప్పి ఉంచాడు కూడా.

"డెల్, ఇవాళ నీ రివాల్వర్ తుడుచుకోవా?" అంది ఓపల్, వెనక్కి తిరక్కుండానే.

"మొన్న ఆదివారమేగా తుడిచాను."

"మళ్లీ తుడిస్తే అరిగిపోతుందా? తియ్యి, చేత్తో పట్టుకుని ఓసారి చూసుకో."

"దాణా తెచ్చాక చూస్తాలే."

గరిటె ఒక్క క్షణం ఆగింది. డెల్బర్ట్ అది గమనించలేదు. అతని బుద్ధి అప్పటికే సంతలో ఉంది.

కౌంటీ రోడ్ల శాఖలో మట్టి చదును చేసే బండి నడిపి రిటైరయిన ఏడాది డెల్బర్ట్‌కు ఈ సరదా పట్టుకుంది. నూటయాభై ఏళ్ల కిందటి అమెరికా అంతర్యుద్ధం నాటి తరహా రివాల్వర్లు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో తుపాకిమందు చేత్తో పోసి, సీసపు గుండు దట్టించి, వెనకాల చిన్న రాగి టోపీ తొడగాలి. ఆరు దెబ్బలు కాల్చిన సుఖానికి గంటసేపు సబ్బునీళ్లతో కడగాలి. ఇటలీలో వీటికి కొత్తగా నకళ్లు చేసి అమ్ముతారు. ఉత్సాహవంతులు కొంటారు, రెండు ఆదివారాలు కాలుస్తారు, కడగలేక మూలన పడేస్తారు. అలాంటి బద్ధకస్తుల మీదే డెల్బర్ట్ వేట.

మొదటిది కొన్నప్పుడే ఓపల్ చెప్పేసింది. "ఒక్కటంటే ఒక్కటి. ఇది ఇల్లు, కోట కాదు." డెల్బర్ట్ ఒప్పుకున్నాడు. ఆర్నెల్లకే రెండోదాన్ని దొంగచాటుగా తెచ్చి వరండాలో తుడుస్తుంటే ఓపల్ తలుపు తీసింది. అతని గుండె ఆగినంత పనయింది. ఓపల్ దాని వంక చూసి, "ఎన్నిసార్లు తుడుస్తావయ్యా దాన్ని!" అని లోపలికి వెళ్లిపోయింది. 'దాన్ని' అనే ఆ ఒక్క మాటతో డెల్బర్ట్‌కు స్వర్గద్వారాలు తెరుచుకున్నాయి. ఓపల్ కంటికి రివాల్వర్లన్నీ ఒక్కటే! నల్ల గొట్టం, చెక్క పిడి, పిడి చుట్టూ ఇత్తడి పట్టీ.

ఇప్పుడవి ఏడు. ముందుగదిలో అద్దాల పెట్టెలో ఒకటి ఉంటుంది. మిగతావి గ్యారేజీలో క్రిస్మస్ దీపాల పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె మీద డెల్బర్ట్ పెద్దక్షరాలతో 'ఎలుకల గూడు' అని రాసి పెట్టాడు. ఆదివారం ఆదివారం అద్దాల పెట్టెలోదాన్ని తీసి ఇంకోదాన్ని పెడుతుంటాడు. మీ దగ్గర రివాల్వర్ ఉందా అని ఎవరైనా అడిగితే "ఉంది" అంటాడు. అందులో అబద్ధమేముంది?

సంతలో డెల్బర్ట్‌కు పేరుంది. తుపాకుల క్లబ్బులో ఎవరు పాత రివాల్వర్ కొన్నా ముందు అతనికే చూపిస్తారు. ఆ పూట కూడా జుట్టు ముడేసుకున్న అమ్మకందారు ముందు నిలబడి, రివాల్వర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కుళ్లిన గుడ్డు కంపు. కాల్చి కడక్కుండా దాచావు."

"ఒక్కసారే కాల్చానండీ."

"ఒక్కసారి కడక్కపోయినా చాలు." సుత్తిని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగి, చెవి దగ్గర పెట్టుకుని టక్కుమన్న చప్పుళ్లు విన్నాడు. సిలిండర్‌ను వేళ్లతో కదిపి చూశాడు. ఆఖరికి మరమేకుల మీదికి వంగాడు. "ఇదిగో, మర తల మీద గాటు చెదిరింది. ఎవడో చేతకానివాడు విప్పాడు. నా లెక్కలో దీని విలువ సగం ఇక్కడే పోయింది. నేనైతే చెదరని మరను చచ్చినా ముట్టుకోను."

చుట్టూ ఉన్నవాళ్లు భక్తిగా తలలూపారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది.

"డెల్! నీ రివాల్వర్ ఎవడో కొట్టేశాడు!" అవతలి నుంచి ఓపల్ కేక.

"అద్దాల పెట్టె ఖాళీగా ఉందా?"

"లేదు. అందులోనే ఉంది."

"ఉంటే మరి పోయిందేమిటే?"

"ఉన్నది నీది కాదు! విను. పది రోజుల కిందట నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నేను దాన్ని ఎమెట్ ఫింక్ కొట్టుకు తీసుకెళ్లి పిడి పట్టీ మీద పేర్లు చెక్కించాను. పెళ్లిరోజుకని. సాయంత్రానికల్లా పెట్టెలో పెట్టేశాను. నీ అంతట నువ్వే చూస్తావని పొద్దుటి నుంచీ కాచుకు కూర్చున్నాను. చూడకపోతివి. నేనే తీసి చూస్తే ఒక్కక్షరం లేదు! ఆ ఎమెట్ నాకు వేరేది అంటగట్టి నీది నొక్కేశాడు. ఇప్పుడే వాడి కొట్టుకు పోతున్నా."

"ఓపల్, ఆగు…"

ఓపల్ ఆగలేదు. ఫోను ఆగిపోయింది.

డెల్బర్ట్ బండిని ఇంటికి ఎలా తోలాడో అతనికే తెలియదు. గ్యారేజీలో దూరి, దీపాల తీగలు చించుకుంటూ గుడ్డల మూటలు ఒక్కొక్కటే విప్పాడు. నాలుగోదాని ఇత్తడి పట్టీ మీద ఉన్నాయి అక్షరాలు, అందంగా, వంపులు తిరిగి: 'డెల్‌కు, ఓపల్.'

మొన్న ఆదివారం అతనే దాన్ని అద్దాల పెట్టెలోంచి తీసి, గుడ్డతో మెరిసేలా తుడిచి, మూటకట్టి ఇక్కడ పెట్టాడు. గొట్టంలో వెంట్రుకంత గీత ఉంటే పట్టేవాడు, భార్య పేరు మీద గుడ్డ రుద్దుతూ ఏమీ చూడలేదు. ఛాతీలో ఎక్కడో కలుక్కుమంది. కానీ దానికి తీరిక ఎక్కడిది? ఓపల్ చేతిలో పట్టుకెళ్లింది మామూలుది కాదు. ఏడింటిలో అదొక్కటే ఇటలీ నకలు కాదు, అంతర్యుద్ధం నాటి అసలుది. ఓ రైతు సామాన్ల వేలంలో తుప్పు పట్టిన డబ్బాలో దొరికితే, వాసన చూసి, చప్పుడు విని, చెదరని మరలు చూసి అతనే తేల్చాడు. పెళ్లిరోజు వారం కదా అని, తన ఆనందం కోసం, దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకదాని గొప్ప చెప్పుకోవాలంటే మిగతా ఆరింటి కథా చెప్పాలి మరి.

అక్షరాలున్న రివాల్వర్‌ను అద్దాల పెట్టెలో పెట్టి ఊళ్లోకి బండి దౌడు తీయించాడు.

ఎమెట్ ఫింక్‌ది గడియారాల కొట్టు. చేపలు పట్టే పోటీల కప్పుల మీద పేర్లు చెక్కడం కూడా అతని పనే. డెల్బర్ట్ వెళ్లేసరికి కొట్టు నిండా జనం ఉన్నారు. బల్ల మీద డెల్బర్ట్ నిధి పడి ఉంది. దాని పక్కన ఓపల్ పిడికిలి లేస్తోంది, పడుతోంది. షెరిఫ్ ఆఫీసులో పనిచేసే ఆమె మేనల్లుడు రోలాండ్ యూనిఫాంలో నిలబడి అత్తకూ చట్టానికీ మధ్య నలిగిపోతున్నాడు.

"చెక్కినవాణ్ణి, నా పని నేను గుర్తుపట్టనా?" ఎమెట్ మొహం పాలిపోయి ఉంది. "ఈ రివాల్వర్‌ను నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు తల్లీ!"

"విన్నావా రోలాండ్? ఇది వేరేదని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు!"

"ఓపల్," అన్నాడు డెల్బర్ట్ ఆయాసపడుతూ, "ఇంటికి పద. నీ అక్షరాలున్నది పెట్టెలోనే ఉంది. ఇప్పుడే చూసొచ్చాను."

తన తెలివికి తనే మురిసిపోయేలోగా ఓపల్ కళ్లు చిన్నవయ్యాయి. "నేను దీన్ని తీశాక పెట్టె ఖాళీ కదా. ఇప్పుడు అందులోకి అదెలా వచ్చింది?"

డెల్బర్ట్ ఇంత దూరం ఆలోచించలేదు. అతని బదులు ఎదురింటి మేవిస్ ఆలోచించింది. "అయ్యో, పొద్దున్న ఎమెట్ బండి మన రోడ్డు మీదే పోయింది! నా కళ్లతో చూశాను!"

"కప్పు ఇచ్చి రావడానికి వెళ్లానమ్మా, చేపల పోటీ వాళ్లకి!"

"అంటే భయపడి, మనం లేనప్పుడు ఇంట్లో దూరి తిరిగి పెట్టేశాడన్నమాట," అంది ఓపల్. "దొంగతనానికి తోడు ఇంట్లో చొరబడ్డం కూడా. రోలాండ్, రాసుకో."

రోలాండ్ గొంతు సవరించుకున్నాడు. "ఎమెట్ గారూ, ఒక్కసారి నాతో వస్తారా? మాట్లాడుకుందాం, అంతే."

ఎమెట్ మెల్లగా కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. స్కూలు బ్యాండులో డెల్బర్ట్ పక్కనే నిలబడి బాకా ఊదిన మనిషి. ఊళ్లో సగం ఉంగరాలు అతని చేతిమీదుగా వెళ్లినవే. దొంగ అన్న మాట ఇవాళ ఈ కొట్టు దాటితే రేపటి నుంచి అతని చేతికి ఉంగరం ఇచ్చేవాడుండడు. అతను డెల్బర్ట్ వంక చూశాడు.

"అవి రెండూ నావే," అన్నాడు డెల్బర్ట్.

"వాణ్ణి వెనకేసుకు రాకు డెల్," అంది ఓపల్. "నీ మంచితనం నాకు తెలుసు."

"మంచితనం కాదే. ఇంకో అయిదు కూడా ఉన్నాయి. గ్యారేజీలో. ఎలుకల గూడు పెట్టెలో."

కొట్టులో గడియారాలన్నీ ఒక్కసారి వినిపించాయి.

"నేను ముట్టుకుంటే జబ్బులొస్తాయన్నావే, ఆ పెట్టెలోనా?" ఓపల్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆమె అరిస్తే డెల్బర్ట్ తట్టుకునేవాడు. "ఏడా? సరే. ఏడైనా పదిహేడైనా నాకేం. ఒక్కటి చెప్పు. నా అక్షరాలున్నదాన్ని ఆ పెట్టెలో పెట్టిందెవరు?"

"నేనే."

"తుడిచావా?"

"తుడిచాను."

"పిడి కూడా?"

"…పిడి కూడా."

"ఎవడి తుపాకీనో వాసన చూసి జాతకం చెప్తావు. నా పేరు కనపళ్లేదా డెల్?"

డెల్బర్ట్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ఓపల్ కళ్లు ఒత్తుకుని ఎమెట్ వైపు తిరిగింది.

"ఎమెట్, నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పయిపోయింది. ఊరికే క్షమించమంటే బాగుండదు, నీకు పని ఇస్తాను. మిగతా ఆరింటి మీదా అవే అక్షరాలు చెక్కు. ముందు దీనితో మొదలుపెట్టు."

"లోతుగానా, పైపైనా?"

"కళ్లజోడు లేని మొగుడికి కూడా కనపడేంత."

ఎమెట్ బల్ల మీది రివాల్వర్ తీసుకున్నాడు. డెల్బర్ట్ ప్రాణం గిలగిల్లాడింది. "ఓపల్… మిగతావన్నీ చెక్కించు. ఇదొక్కటీ… ఇది అసలుది. అంతర్యుద్ధం నాటిది. అక్షరం పడితే దీనికి విలువుండదు."

"అలాగా," అంది ఓపల్. "అయితే వద్దులే."

నలభై ఏళ్ల కాపురంలో ఆ 'వద్దులే' డెల్బర్ట్‌కు బాగా తెలుసు. రివాల్వర్ వంక చూశాడు. భార్య వంక చూశాడు. నీళ్లలో దూకేవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

"చెక్కవయ్యా ఎమెట్. లోతుగా చెక్కు."

మేవిస్ ముక్కు చీదింది. రోలాండ్ టోపీ తీశాడు. ఓపల్ అందరి ముందూ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఎమెట్ రివాల్వర్‌ను వెనకగదిలోకి తీసుకెళ్లాడు. ఇత్తడి పట్టీ ఊడదీయాలి కదా, పిడి మరలు ఒక్కొక్కటే విప్పాడు. కాసేపటికి తలుపు సందులోంచి పిలిచాడు.

"డెల్, ఇలా రా. ఒక్కడివే."

లోపల దీపం కింద పిడి ఊడిన రివాల్వర్ పడుకుని ఉంది. ఇన్నాళ్లూ చెక్క కప్పిన ఇనుము మీద ఓ చిన్న ముద్ర, దాని పక్కన గడిలో రెండు అక్షరాలు ఉన్నాయి. డెల్బర్ట్‌కు భూతద్దం అక్కర్లేకపోయింది. అది ఇటలీ నకళ్ల మీద కొట్టే తనిఖీ ముద్ర. ఆ రెండక్షరాలు తయారైన సంవత్సరానికి గుర్తు.

"ఇది మనిద్దరికంటే చిన్నది," అన్నాడు ఎమెట్.

"మరలు చెదరలేదు," అన్నాడు డెల్బర్ట్ నీరసంగా. "అందుకే ఎప్పుడూ విప్పలేదు."

"పైన ముద్రలన్నీ ఎవడో అరగదీసి పాతబడేట్టు చేశాడు. నీలాంటివాడు మరలు విప్పడని వాడికి తెలుసు."

తలుపు అవతల ఓపల్ గొంతు వినిపిస్తోంది. నా మొగుడు నా కోసం ఎంత విలువైనదాన్ని వదులుకున్నాడో చూశారా అని, అప్పుడే కొట్టులోకి వచ్చినవాళ్లకు మొదటి నుంచీ చెబుతోంది. డెల్బర్ట్ ఎమెట్ వంక దీనంగా చూశాడు.

"పొద్దుటి నుంచీ నన్ను దొంగన్నారు," అన్నాడు ఎమెట్, ఉలి చేతిలోకి తీసుకుంటూ. "దొంగ అన్నాక ఏదో ఒకటి దాచాలి కదా."

ఇప్పుడు క్రైగర్ దంపతుల ముందుగదిలో ఏడు రివాల్వర్లూ వరసగా వేలాడుతుంటాయి. ప్రతిదాని మీదా ఓపల్ పేరుంది. వచ్చినవాళ్లకు ఆమె మధ్యలో ఉన్నదాన్ని వేలుపెట్టి చూపించి అంతర్యుద్ధం దగ్గర్నుంచి మొదలుపెడుతుంది, చివర్లో కళ్లు తుడుచుకుంటుంది. డెల్బర్ట్ ఆ సమయానికి కోళ్లకు దాణా వెయ్యాలని లేచి వెళ్లిపోతాడు.

గ్యారేజీలో దాచుకున్న అబద్ధాలన్నీ బయటపడ్డాక, ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్క అబద్ధమే ఉంది.