ముగ్గురి జట్టు

కొండ మీద ఒకావిడ తప్పిపోయిన రోజున, ఉదయం ఏడింటికి, లెక్కల మాస్టారూ ఆయన బావమరిదీ అడవి గేటు దగ్గర బస్సు దిగారు. అనుకున్నది మామూలు పనే. దేవదారు చెట్ల మధ్య నాలుగు గంటలు ఎక్కడం, పైనున్న సరస్సు ఒడ్డున కూర్చుని ఉడికించిన గుడ్లు తినడం, సాయంత్రం బస్సు అందుకోవడం. పందొమ్మిదేళ్లుగా వేసవి సెలవుల్లో మాస్టారు ఈ పని తప్పకుండా చేస్తున్నారు. ప్రతిసారీ ముగ్గురు వచ్చేవాళ్లు. ఈసారి ఇద్దరు. మాస్టారి భార్య పోయి ఎనిమిది నెలలైంది.

ఆ మాట మాస్టారు ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఫోన్లు వస్తే బావమరిదే ఎత్తి చెప్పేవాడు. ఇంటికి వచ్చినవాళ్లకు ముందే తెలిసి ఉండేది. స్కూల్లో హెడ్మాస్టరు నోటీసు తిప్పించారు. ఆ ఒక్క వాక్యం ఆయన చెప్పాల్సిన అవసరం రాకుండా అందరూ జాగ్రత్తపడ్డారు. దాంతో అది గొంతులోనే ఉండిపోయింది.

గేటు పక్క గదిలో బల్ల మీద ఒక రిజిస్టరు ఉంది. కొండ ఎక్కేవాళ్లు ఎంతమందో, ఎవరెవరో, వాళ్లను ఎలా గుర్తుపట్టాలో అందులో రాసి వెళ్లాలి. దిగాక అందరూ సంతకం చేయాలి. ఒక్క సంతకం తక్కువైనా వెతకడానికి మనుషులు బయలుదేరతారు. బల్ల వెనక కూర్చున్న గార్డు, ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైన అమ్మాయి. యూనిఫాం మీద ఇస్త్రీ మడతలు ఇంకా చెరగలేదు.

మాస్టారు పెన్ను తీసి, బోర్డు మీద తారీఖు వేసినంత అలవాటుగా, పందొమ్మిదేళ్లుగా రాస్తున్నదే రాశారు. ముగ్గురు. నేను, నా భార్య, నా బావమరిది. గుర్తుల గడి కూడా ఎప్పటిలాగే నింపారు. ఆ సమయానికి బావమరిది వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"ముత్యాల్లాంటి అక్షరాలు సార్!" అంది గార్డు పేజీ వైపే చూస్తూ. "నిన్న ఒకాయన రాసింది చదవడానికి నాకు పావుగంట పట్టింది."

"చదివేవాళ్లు ఉంటారని గుర్తుంచుకుని రాయాలమ్మా," అన్నారు మాస్టారు. తను రాసింది మాత్రం మళ్లీ చదువుకోలేదు.

సగం దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. వచ్చేపోయే జట్లను లెక్కపెట్టడం అక్కడి కాపలాదారు పని. ఆయన మాటకంటే ముందు ఈల వేస్తాడు కాబట్టి అందరూ ఆయన్ను ఈలాయన అంటారు. ఆ ఉదయం ఆయన నీళ్ల బిందెతో వాగు దగ్గర్నుంచి వస్తుంటే, పొగమంచులో ఇద్దరు మగవాళ్ల వీపులు షెడ్డు దాటిపోవడం కనిపించింది. వాకీటాకీలో కింద గేటుకు ఆ సంగతి చెప్పాడు.

"ఇద్దరేనా?" అంది గార్డు. "అందరికంటే ముందు ఎక్కిన జట్టండీ అది. ముగ్గురు ఉండాలి. ఒకావిడ కూడా ఉండాలి."

"ఆవిడ లేదమ్మా. ఎలా ఉంటుంది?"

"పసుపు రెయిన్‌కోటు. యాభై ఏళ్లుంటాయి. ఇంకా ఏమో..." అక్కడితో గరగరలాడి వాకీటాకీ చచ్చిపోయింది. మంచు దట్టంగా ఉన్నప్పుడు దానికి అది మామూలే.

ఈలాయన మూడుసార్లు ఈల వేశాడు. ఆ కొండ మీద మూడు ఈలలంటే మనిషి ఆపదలో ఉన్నట్టు.

ఆ ఈలలు వినపడేసరికి మాస్టారూ బావమరిదీ షెడ్డుకు రెండు మలుపుల పైన, దారి పక్క బండ మీద కూర్చుని ఉన్నారు. సరస్సు దాకా ఆగలేక బావమరిది గుడ్ల డబ్బా అక్కడే తెరిచాడు. మాస్టారు డబ్బా మూసి లేచారు.

"ఒరేయ్, పద. ఎవరికో ఏదో అయినట్టుంది."

"నోట్లో గుడ్డుంది బావా!"

"నడుస్తూ మింగు."

షెడ్డు దగ్గర ఈలాయన వాళ్లకు జరిగింది చెప్పి, "మీరెంతమంది?" అని అడిగాడు.

"ఇద్దరం," అన్నారు మాస్టారు.

"అయితే మీరు కాదు. వాళ్లు ముగ్గురి జట్టు," అని ఈలాయన తేల్చేశాడు. "ఇద్దరు మగాళ్లు ఆవిణ్ణి వెనక వదిలేసి చక్కా పోయారు. నా కళ్లతో చూశాను వాళ్ల వీపులు. పసుపు రెయిన్‌కోటంట పాపం."

బావమరిది చప్పున మాస్టారి వైపు చూశాడు. అక్కకీ అలాంటిదే ఉండేది. మాస్టారు చెట్ల వైపు చూస్తున్నారు. పసుపు రెయిన్‌కోట్లు లోకంలో బోలెడు ఉంటాయి.

పది నిమిషాల్లో వెనకనుంచి తొమ్మిదిమంది ఉన్న నడక బృందం వచ్చింది. వాళ్లకు నాయకురాలు ఒక రిటైరైన నర్సమ్మ. నలభై ఏళ్లు వార్డులు నడిపిన గొంతు ఆవిడది. సంగతి వినగానే చేతికర్ర నేలకేసి కొట్టింది.

"పెళ్లాన్ని మంచులో వదిలేసి పోతాడా? కనపడనీ, వాడి పని చెబుతాను!"

"అలాంటివాణ్ణి ఏమన్నా తప్పులేదండీ," అన్నారు మాస్టారు. అనవలసిన దానికంటే గట్టిగా అన్నారు. "వెంట ఉన్నన్నాళ్లు అడుగులో అడుగు వేసి నడవద్దూ? అంత తొందరేమిటి ఆ మనిషికి?"

వెతకడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. నలుగురు నాలుగు దిక్కులకు పరుగెత్తి, తిరిగి ఒకరికొకరు ఎదురుపడి ఉలిక్కిపడుతున్నారు. మాస్టారు అది చూడలేకపోయారు. పుల్లతో నేల మీద కొండ గీసి, దాన్ని పన్నెండు గళ్లు చేశారు. ఒక గడి అయ్యాక ఇంకొకటి, గడికి ఇద్దరు చొప్పున, చేతులు చాచినంత ఎడంలో, వరుసగా నడవాలన్నారు. పదడుగులకోసారి ఆగి పిలవాలి, పిలిచాక ఇరవై అంకెలు లెక్కపెట్టి వినాలి.

"మాట్లాడకూడదు. పక్కవాళ్ల గడిలోకి చూడకూడదు," అన్నారు అలవాటు కొద్దీ.

పదిన్నరకు ఒకాయన పొదలో పసుపు రంగేదో కనిపించిందని కేకేశాడు. అందరూ పరుగెత్తి చూస్తే పూలు. మరొకాయన ఆడ గొంతు విన్నానన్నాడు. అది రెండు గళ్ల అవతల నర్సమ్మ గొంతు. పదకొండు దాటాక బావమరిది ఒగురుస్తూ వచ్చాడు.

"బావా, తొమ్మిదో గడి కింద లోయలోంచి ఎవరో మగాయన అరుస్తున్నాడు."

"మగ గొంతు మనకెందుకురా? కిందనుంచి వెతికేవాళ్లు ఎవరో అయ్యుంటారు. పైకి పద."

మాస్టారు ఎవరి మాటా వినే స్థితిలో లేరు. జారుడు బండలు పట్టుకుని పాకుతున్నారు. ఒక మోచెయ్యి గీసుకుపోయింది. "ఏమండీ! ఇక్కడున్నాం! భయపడకండి!" అని పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ ఇరవై దాకా లెక్కపెట్టి, ఇరవై ఒకటి, ఇరవై రెండు కూడా లెక్కపెడుతున్నారు. ఎలాగైనా ఈవిడ దొరకాలి. ఆయనకు ఆ పూట ప్రపంచంలో కావలసింది అదొక్కటే.

పన్నెండింటికి గార్డు షెడ్డుకు చేరింది. వాకీటాకీ పలకకపోవడంతో గేటుకు తాళం వేసి, రిజిస్టరు చంకన పెట్టుకుని రెండు గంటలు ఎక్కి వచ్చింది. ఇస్త్రీ మడతల జాడ లేదు. ఈలాయన ఈల వేసి అందర్నీ పోగుచేశాడు. గార్డు ఎవరి మొహమూ చూడకుండా, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"గుర్తులు. పసుపు రెయిన్‌కోటు. కుడి మోకాలు నొప్పి, దిగేటప్పుడు మెల్లగా దిగుతుంది. పిలిస్తే వెంటనే పలకదు, పిట్టల మాట వింటూ ఉంటుంది. రెండోసారి పిలవాలి."

బావమరిది తల దించుకున్నాడు. గార్డు తల ఎత్తింది. ఎదురుగా మాస్టారు.

"సార్! మీరిక్కడే ఉన్నారా! మేడమ్ ఎక్కడ సార్?"

నర్సమ్మ కర్ర మెల్లగా మాస్టారి వైపు తిరిగింది. బావమరిది ఎప్పటిలాగే తనే చెప్పబోయాడు. మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"అది నేను రాసిందేనమ్మా. ఆవిడ తప్పిపోలేదు. చనిపోయింది. ఎనిమిది నెలలైంది. నేను... అలవాటులో రాసేశాను."

చెట్లమీది మంచు చుక్కలు రేకుల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. మాస్టారి ఊపిరి చాలా లోపలికి వెళ్లి, చాలాసేపటికి బయటికి వచ్చింది.

నర్సమ్మ కర్ర దించింది. "అయ్యో... ఇందాక నేను ఏవేవో అన్నాను బాబూ."

"నేనూ అన్నానుగా అమ్మా. ఇద్దరం కలిసే తిట్టాం ఆయన్ని."

ముందు ఆవిడే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత బావమరిది. ఆ తర్వాత మాస్టారు, ఎనిమిది నెలల్లో మొదటిసారి, నడుం పట్టుకుని బండ మీద కూలబడి మరీ నవ్వారు. ఈలాయన ఒక్కడే నవ్వలేదు. వేళ్లు మడిచి లెక్కచూసుకుంటున్నాడు.

"అంటే ఈ కొండ మీద ఇప్పుడు తప్పిపోయినవాళ్లంటూ ఎవరూ లేరు?"

"లేరు," అన్నారు మాస్టారు.

"బావా," అన్నాడు బావమరిది నవ్వు ఆపేసి. "మరి లోయలో అరిచినాయన?"

మంచు తగ్గిన తొమ్మిదో గడి కింద, ఒక చెట్టు వేరు పట్టుకుని, చీలమండ వాచిన ఒక పెద్దమనిషి దొరికాడు. తెల్లవారుజామున గేటు తీయకముందే కంచె దాటి ఎక్కాడట. జారి, ఆరు గంటలుగా అక్కడే ఉన్నాడు. ఇంకో గంట ఉంటే చలికే పోయేవాడని నర్సమ్మ చెప్పింది.

"అరిచి అరిచి గొంతు పోయింది," అన్నాడాయన కీచుగా. "పైన ఎవరో మహానుభావుడు 'మగ గొంతు మనకెందుకు' అన్నాడు. నేను విన్నాను!"

మాస్టారు శ్రద్ధగా ఆయన కాలికి కట్టు కట్టారు.

"కంచె దూకడమేంటి సార్? రిజిస్టరులో రాయలేదేం?" అని గార్డు నిలదీసింది.

"నేనెందుకు రాస్తాను? నేను అటవీ శాఖ ఇన్‌స్పెక్టర్ని. మీరు రిజిస్టరు సరిగ్గా రాయిస్తున్నారో లేదో చెప్పకుండా వచ్చి చూద్దామనుకున్నాను."

సాయంత్రం గేటు గదిలో, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు ఆ పేజీ చూశాడు. ఉదయం కంటే చాలా మెత్తబడి ఉన్నాడు.

"ముగ్గురు వెళ్లారని ఉంది. మీరిద్దరు, నేను. ముగ్గురం వచ్చాం. సరిపోయిందిగా, సంతకాలు పెట్టేద్దాం."

"జవాబు కలిసినంత మాత్రాన లెక్క ఒప్పు కాదండీ," అన్నారు మాస్టారు. "మా క్లాసులో దానికి మార్కులు వెయ్యను."

"అయితే ఆ మాట కొట్టేసి పక్కన సంతకం చేయండి. రాసినవాళ్లే కొట్టేయాలి, అది రూలు."

మాస్టారు పెన్ను తీసి, 'నా భార్య' అన్నచోట మొన ఆనించి కాసేపు పట్టుకున్నారు. బయట బస్సు హారన్ మోగింది.

"రిజిస్టరు ఎక్కడికీ పోదు సార్," అంది గార్డు నెమ్మదిగా. "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం."

మాస్టారు పెన్ను మూత పెట్టి, బావమరిదితో బస్సెక్కారు. దారిలో మిగిలిన గుడ్లు ఇద్దరూ చెరిసగం తిన్నారు.

ఆ ఏడు సరస్సు చూడటం కాలేదు, రిజిస్టరులో ఆ మాట ఇంకా కొట్టివేయలేదు.