ఒరిగిన డోరోతియా

రెండో గుడ్డు కూడా పెనంలో ఎడమ అంచుకే జారిపోయేసరికి ఆంబ్రోస్ టన్నిక్లిఫ్‌కి ఇక అనుమానం లేకపోయింది. పడవ మునుగుతోంది.

మునగడానికి ఇంతకంటే చెడ్డ ఉదయం దొరకదు. ఇవాళ కాలువ మీద పడవల పండుగ. ఇంకాసేపట్లో న్యాయనిర్ణేత లవ్‌గ్రోవ్ గట్టు వెంట నడుస్తూ ఒక్కో పడవనూ పరిశీలించి, అన్నిటికంటే చక్కగా చూసుకున్నదానికి ఇత్తడి ఫలకం ఇస్తారు. మూడేళ్లుగా ఆ ఫలకం పక్క పడవ ‘స్టార్లింగ్’లో కాపురముండే ఎనిడ్ థాక్రే గోడకే ఎక్కుతోంది. ఈసారి దాన్ని తన ‘డోరోతియా’ తలుపుకు బిగించడానికి ఆంబ్రోస్ మరలు కూడా కొని పెట్టుకున్నాడు.

డోరోతియా అతని తల్లి పేరు. బొగ్గు మోసే పడవలో పుట్టి, చుక్కాని పట్టుకునే పెరిగిన మనిషి. ఆమె పేరున్న పడవ ఎవరి ముందూ తలవంచకూడదని ఆంబ్రోస్ పట్టుదల. అందుకే నెల రోజులుగా ఇత్తడి తోమాడు. పక్కగోడల మీది గులాబీల బొమ్మలకూ కోటల బొమ్మలకూ కొత్త రంగు వేశాడు. నిన్న సాయంత్రం ఆఖరి పనిగా తాళ్ల కొసల్ని గట్టు మీద నత్తగుల్లల్లా చుట్టిపెట్టి, హాయిగా నిద్రపోయాడు.

“ప్రూ! పడవకి చిల్లు పడింది!” అని అరిచాడు.

అతని భార్య ప్రూడెన్స్ గట్టువైపు తలుపులోంచి తల బయటపెట్టి చూస్తోంది. “చిల్లు కాదనుకుంటా. ఆంబ్రోస్, ఒక్కసారి ఇలా వచ్చి ఆ...”

“చూస్తూ కూర్చునే టైమా ఇది? ముందు నీళ్లు తోడాలి!”

నేల పలకలు ఎత్తాడు. తోడడానికి నీళ్లు లేవు. ఇంజన్ గదిలోకి దూరాడు. అక్కడా చుక్క లేదు. మరొకడైతే ఊపిరి పీల్చుకునేవాడు. ఆంబ్రోస్ మాత్రం, కనిపించని చోట కారుతోందంటే అది ఇంకా ప్రమాదమని తేల్చుకుని పైకప్పు ఎక్కాడు.

అక్కడ చలికాలపు బొగ్గు బస్తాలున్నాయి. వాటిని నీళ్లవైపు నుంచి గట్టువైపుకు మారిస్తే పడవ నిటారుగా నిలబడాలి. రెండు బస్తాలు మార్చాడు. పడవ కదల్లేదు. మూడోది చేతుల్లోనే చిరిగింది. పాల మీగడ రంగు వేసిన కప్పు మీద బొగ్గు నల్లగా పరుచుకుంది. కడుగుదామని బకెట్ నీళ్లు గుమ్మరించాడు. ఆ నల్లనీళ్లు గులాబీల మీదుగా, కోటల మీదుగా ధారలు కట్టాయి. క్షణంలో కోటలన్నీ తగలబడి ఆరినట్టు తయారయ్యాయి.

“ఏమయ్యా ఆంబ్రోస్, ఈ ఏడాది నలుపు ఫ్యాషనా?” టీ కప్పుతో బయటికొచ్చిన ఎనిడ్ అడిగింది.

“నీ పని నువ్వు చూసుకోమ్మా. తూకం సరిచేస్తున్నాను.”

“తూకమేంటి?” ఎనిడ్ ఒకడుగు వెనక్కి వేసి చూసింది. మరుక్షణం ఆమె గొంతు కాలువ లాకు తలుపుల దాకా వినిపించింది. “అయ్యయ్యో! డోరోతియా మునిగిపోతోంది! రండర్రా!”

కాలువ మీద ఎన్ని పోటీలున్నా, పడవ మునుగుతోందంటే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకు రావడం ఆనవాయితీ. అందరూ వచ్చారు. ఒకాయన పంపు తెచ్చాడు, ఒకావిడ బకెట్లు తెచ్చింది, సగం గడ్డం గీసుకున్న మనిషి ఒకడు సబ్బు నురుగుతోనే దూకాడు. అడక్కుండానే పడవలోకి ఎక్కి, చిల్లు ఎక్కడుందో చూద్దామని అందరూ నీళ్లవైపు కిటికీలకే ముఖాలు ఆనించారు.

పడవ ఇంకాస్త ఒరిగింది. అలమరలోంచి పింగాణీ పళ్లాలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. తోమి తోమి అద్దంలా చేసిన ఇత్తడి కెటిల్ దొర్లుకుంటూ వెళ్లి సబ్బు నురుగు మనిషి కాలికి తగిలింది.

“కుంగుతోంది! ఇంకా కుంగుతోంది!” అని అందరూ ఒక్కసారే అరిచారు.

“మీరంతా దిగండి బాబూ!” ప్రూ జనం మధ్యలోంచి గొంతు పెంచింది. “ఆంబ్రోస్, ఆ తాళ్లు గనక కాస్త...”

“తాళ్ల జోలికి వెళ్లకు! ఇప్పుడు మనల్ని కాపాడుతున్నవి అవే!”

అలా అని ఆంబ్రోస్ నీళ్లవైపు అంచు మీదికి దిగాడు. బెత్తెడు వెడల్పున్న ఆ అంచు మీద నిలబడి, ఒక చేత్తో పైకప్పు కమ్మీ పట్టుకుని, బూటుతో పడవ పొట్టను తడుముతూ చిల్లు వెతకసాగాడు. సరిగ్గా అప్పుడే గట్టు మీద లవ్‌గ్రోవ్ ప్రత్యక్షమయ్యారు. మెడకు టై, తలకు టోపీ, ముఖంలో ఏ భావమూ లేదు.

“గుడ్ మార్నింగ్ సర్!” పైకప్పు మీదుగా ఆంబ్రోస్ తల ఒక్కటే కనిపించింది. “చిన్న ఇబ్బంది, అంతే. లోపలికి రండి, టీ తాగుతూ ఉండండి.”

ప్రూ ఇక మాట్లాడదలచుకోలేదు. బొగ్గు పగలగొట్టే సుత్తి తీసుకుని గట్టు మీదికి దిగింది. పడవ ముందువైపు తాడు కట్టిన ఇనుప మేకు దగ్గరికెళ్లింది. తాడు ఫిడేలు తీగలా బిగిసి ఉంది. మేకును పక్కనుంచి ఒక్కటి కొట్టింది. రెండో దెబ్బకు మేకు గట్టులోంచి పెకలి గాల్లోకి ఎగిరింది. ఆ కుదుపుకు వెనక తాడు మేకూ వదులైంది.

అరవై అడుగుల ఇనుప పడవ ఒక్క ఉదుటున నిటారుగా లేచింది. లోపలి జనమంతా మూకుమ్మడిగా గట్టువైపు గోడ మీద పడ్డారు. ఆంబ్రోస్ నిలబడ్డ అంచు పైకి లేచి అతన్ని శుభ్రంగా కాలువలోకి విసిరేసింది. అక్కడ నీళ్లు ఛాతీ దాకానే. బురదలో కాళ్లు నిలదొక్కుకుని, నెత్తి మీద నాచుతో లేచి చూసేసరికి డోరోతియా కొలబద్ద పెట్టినట్టు తిన్నగా నిలబడి ఉంది.

“చిల్లూ లేదు, గిల్లూ లేదు,” అన్నారు లవ్‌గ్రోవ్. “పండుగకొచ్చిన పడవలన్నీ నిన్న లాకు దాటాయి కదా. దాటినప్పుడల్లా ఇక్కడి నీళ్లు కొన్ని కిందికి పోయాయి. రాత్రికి మట్టం జానెడు తగ్గింది. నీళ్లతోపాటు పడవ దిగబోతే తాళ్లు దిగనివ్వలేదు. గట్టువైపు వేలాడింది, నీళ్లవైపు కుంగింది.”

జనం తాళ్లవైపు చూశారు. తర్వాత ఆంబ్రోస్‌వైపు చూశారు.

“తాట్లో కాస్త వదులు ఉంచాలని ఈ కాలువలో బాతులక్కూడా తెలుసు!” నీళ్లలోంచే గర్జించాడు ఆంబ్రోస్. “ఇలా కట్టినవాడికి స్నానాల తొట్టి కూడా అప్పగించకూడదు! నాకు తెలుసు ఇది ఎవరి పనో. మూడేళ్ల ఫలకం చేజారిపోతుందని భయపడింది ఎవరు? రాత్రి మేం పడుకున్నాక బిగించి ఉంటుంది. ఎనిడ్!”

“నేనా?” ఎనిడ్ చేతిలో టీ ఒలికింది.

లవ్‌గ్రోవ్ ముందుకు నడిచారు. పడవ ముందు కొయ్యకు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్న ముడి దగ్గర వంగారు. వేలితో తట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

“ఇంత బరువు రాత్రంతా వేలాడింది. వెంట్రుకవాసి కూడా జారలేదు,” అన్నారు నెమ్మదిగా. “చక్కగా చూసుకున్న పడవకిచ్చే ఫలకం సంగతి వేరు. ఈ కోటల్ని చూశాక డోరోతియాకు అది ఇవ్వలేను. కానీ తాడు పనితనానికి మా దగ్గర ఇంకో ఫలకం ఉంది. తగినవాళ్లు లేక ఏళ్ల తరబడి ఎవరికీ ఇవ్వలేదు. ఇలాంటి ముడి ఇప్పుడు ఎవరికీ రాదు. పాత బొగ్గు పడవలవాళ్ల చెయ్యి ఇది.” టోపీ తీసి ఎనిడ్ వైపు తిరిగారు. “అభినందనలు, మిసెస్ థాక్రే.”

ఎనిడ్ ఆంబ్రోస్‌ని చూసింది. ముడిని చూసింది. ఆమె పెదవుల మీద చిరునవ్వు మెల్లగా విచ్చుకుంది.

“ఏదో, చేతికి అలవాటైన పనండీ,” అంది.

“ఆగండి!”

నాచు కారుతున్న తలతో ఆంబ్రోస్ పడవ కొసను చుట్టి వచ్చి, గట్టు పట్టుకుని పైకి ఎగబాకాడు.

“ఆ ముడి మా అమ్మ నేర్పింది! మీరు కాలు పెడితే పడవ కదలకూడదని నిన్న సాయంత్రం మోకాలు ఆనించి మరీ బిగించాను! ఇంకెవరి వల్లా కాదు!”

“పొద్దున్నుంచీ నేను చెప్పబోయింది అదే,” అంది ప్రూ, సుత్తి కింద పెడుతూ.

“అయితే పడవను ఒరగదీసింది ఎవరని రాసుకోమంటారు?” లవ్‌గ్రోవ్ అడిగారు.

ఆంబ్రోస్ నిటారుగా నిలబడి, తడి కోటు గుండీ పెట్టుకున్నాడు.

“ఆంబ్రోస్ టన్నిక్లిఫ్,” అన్నాడు, లాకు అవతలివాళ్లకు కూడా వినపడేలా.